పద్దెనిమిది పెట్టెల పంచనామా

బుధవారం పొద్దున్న వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. గ్రంథాలయంలో పనిచేసే ఆ ఇంటి ఇల్లాలు దాన్ని పాత క్యాలెండరు కాగితం వెనక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. బుధవారం చెక్క పెట్టెలు వస్తాయి. శనివారం మేస్త్రీ హాల్లో చెక్క నేల వేస్తాడు. ఆదివారం అత్తయ్య ఇంటికొస్తుంది.

మూడో వాక్యం కింద ఆమె రెండు గీతలు గీసింది. నెలన్నర కిందట అత్తగారు హాల్లోని నున్నటి రాతి నేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక, ఆ నేల మారేదాకా అమ్మని పంపేది లేదని ఆడపడుచు తన దగ్గరే ఉంచేసుకుంది. మేస్త్రీకి ఈ వారం రోజులు తప్పితే మళ్లీ వానలు తగ్గాకే ఖాళీ. అంటే ఇంకో నాలుగు నెలలు. అన్నాళ్లు అత్తగారు లేని ఇంట్లో ఇన్‌స్పెక్టరుతో ఒంటరిగా నెగ్గుకు రావడం తన వల్ల కాదని కోడలికి బాగా తెలుసు.

ఇన్‌స్పెక్టరంటే ఆమె భర్తే. తూనికలు, కొలతల శాఖలో ఇరవై రెండేళ్ల సర్వీసు. ఉద్యోగం వల్ల అనుమానం వచ్చిందో, అనుమానం చూసి ఉద్యోగం ఇచ్చారో ఎవరికీ తెలియదు. ఒళ్లు వేడిగా అనిపిస్తే థర్మామీటరు పెట్టుకునేవాడు, అది జ్వరం చూపిస్తే దాన్ని నమ్మక ఇంకోటి కొనుక్కొచ్చేవాడు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ "ఒరేయ్, ఇక చాల్లే" అనేది, ఆయన ఆగిపోయేవాడు. నెలన్నరగా ఇంట్లో ఆ మాట అనేవాళ్లు లేరు.

ఎనిమిదింటికల్లా మేస్త్రీ పద్దెనిమిది పెట్టెలు దింపించి హాలు మధ్యలో వరసగా పేర్పించాడు.

"అమ్మా, శనివారం దాకా వీటిని ఎవరూ కదపొద్దు. ఇక్కడి గాలికి అలవాటు పడాలి."

"చెక్కకి అలవాటేంటయ్యా, అదేమన్నా కొత్త కోడలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అంతేననుకోండి సార్. వచ్చిన రోజే పనిలో పెడితే తర్వాత ఉబ్బుతుంది."

భార్య నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. సరుకు దింపి మూడు రోజుల తర్వాత పని మొదలుపెడతానన్న మనిషిని ఆయన ఇదే మొదటిసారి చూడటం. మూడు రోజుల్లో సరుకు మార్చొచ్చు. పోతూ పోతూ మేస్త్రీ గోడల వెంట వేలు వెడల్పున సందు వదలాలని కూడా అన్నాడు. నాలుగు గోడల వెంట వేలు వెడల్పంటే మొత్తం ఎన్ని పలకలు మిగుల్చుకుంటాడో ఇన్‌స్పెక్టరు మనసులోనే లెక్కకట్టి, ఆ రోజుకి సెలవు పెట్టేశాడు.

భార్య గ్రంథాలయానికి వెళ్లగానే వీధి తలుపు గడియపెట్టి ఒక పెట్టె విప్పాడు. టేపు తీసి పలక కొలిచాడు. పొడవు సరిపోయింది. వెడల్పు సరిపోయింది. కొలతలన్నీ ఇంత కచ్చితంగా ఉండటమే ఆయనకి నచ్చలేదు. పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు వైపు తిప్పి చూశాడు. పైన గోధుమరంగులో పల్చటి చెక్క పొర. దాని కింద తెల్లటి ప్లైవుడ్ పొరలు, ఒకదాని మీద ఒకటి.

ఆయన వెంటనే భార్యకి ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పాడు. "దొరికాడు. పైన తొక్క మాత్రమే చెక్క. లోపలంతా ప్లైవుడ్."

"ఇంజనీర్డ్ చెక్కంటే అదేనండీ. షాపులో అరగంట చెప్పారు కదా, అలా పొరలుంటేనే వంకర పోదని."

"షాపులో నేను వాళ్ల తూకం మిషను చూస్తున్నాను."

"సరే, సాయంత్రం వచ్చాక మాట్లాడుకుందాం. పెట్టెలు మాత్రం ముట్టుకోకండి."

ముట్టుకోవద్దని భార్య కూడా అనేసరికి ఆయనకి అనుమానం రెట్టింపైంది. పాపం, అమాయకురాలిని బాగా నమ్మించారనుకున్నాడు. మోసం కళ్లబడితే ఏం చేయాలో ఆయనకి ఒకరు నేర్పనక్కర్లేదు. బ్యాగులోంచి పంచనామా కాగితాలు, లక్క, దారం, శాఖ ముద్ర బయటికి తీశాడు. సాక్షులు ఇద్దరుండాలి. పక్కింటి పిన్నిగారిని పిలిచాడు. రెండో మనిషి దొరక్క, నీటి మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపాడు. వాడు భయపడి సంతకం పెట్టేసి, మీటరు చూడకుండానే వెళ్లిపోయాడు.

"దేనికి నాయనా ఈ సంతకం?" అని పిన్నిగారు అడిగింది. ఆవిడ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయింది.

"స్వాధీనం, పిన్నిగారూ. అంతకు మించి ఇప్పుడు చెప్పకూడదు."

స్వాధీనం చేసుకున్న సరుకుని అదే చోట ఉంచకూడదని రూలు. తాళం పడే గది ఇంట్లో ఇంకొక్కటే ఉంది, పెరట్లో వాడకుండా వదిలేసిన, గోడలు చెమ్మెక్కిన స్నానాల గది. పద్దెనిమిది పెట్టెలూ ఒక్కడే మోసి అందులో పేర్చి, తాళం వేసి, తాళానికి దారం చుట్టి లక్క కరిగించి ముద్ర కొట్టాడు. నడుము పట్టేసినా లెక్కచేయకుండా, కేసు రిజిస్టరులో ఎక్కించడానికి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి హాలు ఖాళీగా ఉంది. భర్త ఫోన్ ఎత్తడం లేదు. పొద్దున ఫోన్‌లో ఆయన అన్నవన్నీ నిజమేనేమోనని ఆమెకి కూడా మొదటిసారి అనిపించింది. మేస్త్రీకి ఫోన్ చేసింది.

"పెట్టెలు ఎందుకు తీసుకెళ్లారు?"

"నేనెందుకు తీసుకెళ్తానమ్మా? మీరే వెనక్కి పంపేసి నా మీద పెడుతున్నారా?"

పావుగంటలో మేస్త్రీ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు కింది నుంచి పైదాకా చూసుకుంటుండగా పిన్నిగారు గోడ మీంచి తల ఎత్తి, "దాచుకోవడం ఎందుకులేమ్మా. జప్తు చేశారు. నేనే సంతకం పెట్టాను," అంది జాలిగా.

"ఏం జప్తు చేశారు?"

"అదే, అంతకు మించి చెప్పకూడదట."

ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టరు జరిగింది గర్వంగా వివరించాడు. మేస్త్రీ అంతా విని, "నలభై ఇళ్లకి వేశాను సార్, నా మీద కేసు పెట్టినవాళ్లు లేరు," అని మెల్లగా అని వెళ్లిపోయాడు. తాళం తీయమని భార్య బతిమాలింది, తర్వాత కసిరింది, తర్వాత మాట్లాడటం మానేసింది.

"రిజిస్టరులో ఎక్కింది. పై అధికారి ఆర్డరు లేకుండా సీలు నేను కూడా తీయకూడదు," అన్నాడాయన.

పిన్నిగారు చెప్పకూడదన్నది చెప్పలేదు. తాను చూసినదే చెప్పింది. గురువారం పొద్దుటికి వీధివాళ్ల నోట ఆ ఇంట్లో ఏదో జప్తు అయింది. మధ్యాహ్నానికి ఇల్లే జప్తు అయింది. సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు ఎక్కడో చెయ్యి చాపి పట్టుబడ్డాడు. ఆ రూపంలోనే కబురు ఆడపడుచుకి చేరింది.

శుక్రవారం పదింటికి ఇంటి ముందు రెండు కార్లు ఆగాయి. మొదటి దాంట్లోంచి పై అధికారి దిగాడు. రిజిస్టరులో స్వాధీనం చేసుకున్న చోటు, స్వాధీనం చేసుకున్న ఇన్‌స్పెక్టరు చిరునామా ఒకటే ఉండటం చూసి ఆయనకీ అనుమానం వచ్చింది. రెండో దాంట్లోంచి ఆడపడుచు భుజం పట్టుకుంటే, నాలుగు కాళ్ల వాకర్ ఆనుకుని అత్తగారు దిగింది. కోడలు పరుగున వెళ్లి రెండో భుజం పట్టుకుంది. రాతి నేల మీద ఒక్కో అడుగూ వేయించి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"మీరు కానివ్వండి బాబూ. నేను వింటాను," అంది అత్తగారు అధికారితో.

అధికారి రిజిస్టరు తెరిచాడు. "ఫిర్యాదు చేసింది ఎవరు?"

"నేనే సార్."

"స్వాధీనం చేసుకుంది?"

"నేనే సార్."

"సరుకు ఎవరిది?"

ఇన్‌స్పెక్టరు కాస్త ఆలోచించి, "నాదే సార్," అన్నాడు.

"కొలతలో తేడా ఎంత?"

"తేడా లేదు సార్. మిల్లీమీటరు కూడా తప్పలేదు."

అధికారి లేచి వెళ్లి సీలు తెంపించి, ఒక పెట్టె వెలుతురులోకి తెప్పించాడు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో, పై పొర అసలు చెక్క, కింది పొరలు ప్లై అని అచ్చువేసి ఉంది. దాన్ని ఒకటికి రెండుసార్లు పైకే చదివాడు. కేసు కొట్టేస్తున్నట్టు రిజిస్టరులో రాసి, ముద్ర, లక్క తన బ్యాగులో వేసుకున్నాడు. "సోమవారం నా గదికి రా," అని మాత్రం అన్నాడు.

కారు వెళ్లాక అత్తగారు కొడుకు వైపు చూసింది. "ఒరేయ్, ఇక చాల్లే. మోసింది నువ్వే కదా, మళ్లీ నువ్వే మొయ్యి."

ఆయన మళ్లీ మోశాడు. ఈలోగా కోడలు ఫోన్ చేసి బతిమాలితే మేస్త్రీ వచ్చాడు. చేతిలో ఇమిడే తేమ మీటరు తీసి పలకలకి ఆనించి చూశాడు. అన్ని పెట్టెలూ తడి గది చెమ్మ పీల్చాయి.

"పాడైపోలేదమ్మా. కానీ మళ్లీ మూడు రోజులు హాల్లో ఆరాలి. రేపు వేయడం కుదరదు."

"అయితే మంగళవారం వేయండి," అంది కోడలు.

"మంగళవారం ఇంకొకరికి మాటిచ్చాను. ఆ మర్నాటి నుంచి ఊరవతల స్కూలు పని. అది అయ్యేసరికి వానలు. తడి గాలిలో నేను చెక్క ముట్టను."

ఆడపడుచు లేచి కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. "నేను ముందే అన్నాను కదమ్మా, పద. వానలు తగ్గాక వద్దువు గాని." కోడలు అత్తగారి కుర్చీ వెనక నిలబడి, దాని వీపుని రెండు చేతులా పట్టుకుంది.

అత్తగారు మేస్త్రీని అడిగింది. "మంగళవారం ఎవరింట్లో నాయనా?"

మేస్త్రీ ఇబ్బందిగా గోడ వైపు చూశాడు. "పక్కింట్లోనే అమ్మా. మీ పెట్టెలు దిగడం చూసి, అదే రోజు ఆవిడా అడిగారు. మీకు చెప్పొద్దన్నారు."

అత్తగారి కబురు అందగానే పిన్నిగారు వచ్చింది. ఈసారి కళ్లజోడు పెట్టుకునే వచ్చింది.

"రా వదినా, కూర్చో," అంది అత్తగారు తియ్యగా. "మా ఇల్లు జప్తు అయిందని వీధంతా తిరిగి బాధపడ్డావట. మా అమ్మాయి దాకా వచ్చింది నీ బాధ."

"నేనేదో మీ మీద ప్రేమ కొద్దీ..."

"అదే అంటున్నాను. అంత ప్రేమ ఉన్నదానివి, ఒక్క మంగళవారం ఇవ్వలేవా? నాలుగు నెలలు నీ రాతి నేల మీద నువ్వు నడవగలవు. నేను నడవలేను."

పిన్నిగారు వాకర్ వైపు చూసింది, పెట్టెల వైపు చూసింది, మేస్త్రీ వైపు కోపంగా చూసింది. చివరికి, "సరేలే వదినా, నాకేం తొందర," అంది. ఆడపడుచు కారు తాళాలు బ్యాగులో వేసుకుని, అమ్మ బట్టల సంచి లోపలికి తెచ్చింది.

మూడు రోజులూ అత్తగారు కుర్చీ పెట్టెల పక్కనే వేయించుకుంది. కొడుకు అటుగా వస్తే చదువుతున్న పేపరు దించి చూసేది, ఆయన అటు నుంచి అటే వెళ్లిపోయేవాడు. మంగళవారం సాయంత్రానికి హాలంతా గోధుమరంగు నేల పరుచుకుంది. అత్తగారు వాకర్ పక్కన పెట్టి, కోడలి చిటికెన వేలు మాత్రం పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. అక్కడ ఆగి, మిగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూసి కళ్లు చిట్లించింది.

"ఒరేయ్, పైన పల్చగా ఏదో అతికించినట్టుంది. మనల్ని మోసం చెయ్యలేదు కదా?"

"ఇంజనీర్డ్ అంటే అంతేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు విసుగ్గా. "పొరలుంటేనే వంకర పోదు. ఆ మాత్రం తెలుసుకోకుండానే కొంటామా?"

భార్య నవ్వు కనబడకుండా తల వంచుకుని నేల వైపు చూసింది. నేల మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా పడుకుని ఉంది.