నాంచారయ్య నోటికి సీసపు సీలు

చిన్న ఇంజన్ల మోటారుసైకిల్ పందాల్లో ఖర్చు మోయలేనిదైపోయిందని సంఘం వారు బండ్లలోంచి ఇంజన్లు తీయించేసి, ఆ పని రైడర్ల నోళ్లకు అప్పగించిన ఏడాది తాటి నాంచారయ్య మొదటిసారి పందెం గెలిచాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు అతని బండి గెలుపు గీత దాకా వచ్చిన పాపాన పోలేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఊళ్లోవాళ్ల బండ్లు బాగుచేసి సంపాదించిందంతా తన బండికి తాగించాడు. ఒకే ఒక్కసారి గెలిచినవాళ్లకిచ్చే కప్పు ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టుకోవాలన్నది అతని కోరిక.

ఇంజన్ల సంగతి సంఘం ఒక్కరోజులో తేల్చలేదు. ముందు టూ స్ట్రోక్ ఇంజన్లకు ఖర్చెక్కువని వాటిని మూల పడేయించి, అందరినీ ఫోర్ స్ట్రోక్ కొనమన్నారు. అవి కొన్నాక, ఎవరికి తోచిన ఇంజన్ వాళ్లు పెట్టుకోబట్టే ఖర్చు పెరుగుతోందని, అందరికీ ఒకే కంపెనీ ఇంజన్ అన్నారు. ఆ కంపెనీ ధర పెంచితే, పొదుపు కోసమే గనక భరించాలన్నారు. సంఘం ఖర్చు తగ్గించిన ప్రతిసారీ నాంచారయ్య ఇంట్లో ఒక వస్తువు తగ్గింది. చివరికి అధ్యక్షుడు పట్టాభి గారు, అసలు ఇంజనే లేకపోతే ఇంజన్ ఖర్చు ఉండదు కదా అన్నారు. అందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

నోటితో బండి నడపడంలో పెద్ద ఇబ్బంది రాలేదు. ట్యాంకు మీదికి వంగి, పెదాలు బిగించి చప్పుడు చేస్తే చక్రం తిరిగేది. చప్పుడు ఆగితే బండి ఆగేది. నిబంధనల్లో సిలిండరు అని ఉన్నచోటల్లా నోరు అని దిద్దారు. నూట పాతిక సీసీ దాటకూడదు గనక తనిఖీదారు ఇమ్మానుయేలు రైడర్లందరి చేతా నోటినిండా నీళ్లు పట్టించి, కొలత గ్లాసులో ఉమ్మించాడు. ఎక్కువ పట్టినవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి రెండు పళ్లు అదనంగా కట్టించుకొచ్చారు.

టూ స్ట్రోక్ చప్పుడా, ఫోర్ స్ట్రోక్ చప్పుడా అన్నది మాత్రం రైడరు ఇష్టానికే వదిలారు. టూ స్ట్రోక్ చప్పుడు పెదాల మీద పుడుతుంది, బండి చటుక్కున వేగం అందుకుంటుంది, కాకపోతే తుంపర్లు ఎక్కువ. ఫోర్ స్ట్రోక్ గొంతు అడుగు నుంచి రావాలి. డబ్బున్నవాళ్లు ఫోర్ స్ట్రోక్ తీసుకుని, మద్రాసు నుంచి సంగీతం మాస్టార్లనీ, గొంతు డాక్టర్లనీ దింపుకున్నారు. నెల తిరక్కుండానే మంచి నోటి ఖరీదు పాత ఇంజన్ ఖరీదును దాటిపోయింది.

నాంచారయ్య టూ స్ట్రోక్ అని రాయించుకున్నాడు. పొద్దున్నే గ్లాసుడు మజ్జిగ తాగడం తప్ప అతను చేసిన సాధన ఏమీ లేదు.

"ఇన్నేళ్ల కాపురంలో నోరిప్పి నాలుగు మాటలు మాట్లాడిన మనిషివి కాదు. నీ నోటితో బండేం నడుస్తదయ్యా?" అంది భార్య వజ్రం.

నడిచింది. జెండా ఊపగానే నాంచారయ్య నోట్లోంచి వచ్చిన చప్పుడుకి ముందు వరస జనం చెవులు మూసుకున్నారు. ఫోర్ స్ట్రోక్ నోళ్లన్నీ అరచుట్టు వెనకబడ్డాయి. రెండో స్థానంలో వచ్చిన కుర్రాడి తండ్రి, బియ్యం మిల్లు ఆసామి, అక్కడికక్కడే రుసుము కట్టి అభ్యంతరం పెట్టాడు. గెలిచిన ఇంజన్ విప్పి చూడటం ఈ పందాల్లో ఎప్పటి నుంచో ఉన్న ఆచారమే. నాంచారయ్యను బల్ల మీద పడుకోబెట్టి నోరు తెరిపించారు.

పళ్లు సక్రమం. అంగిలి సక్రమం. నాలుక కింద మాత్రం కుక్కి కుక్కి దాచిన మాటలు దొరికాయి. ఇమ్మానుయేలు పట్టకారుతో ఒకటి బయటికి లాగి, దీపానికి ఎదురుగా పట్టి చదివాడు. అది టూ స్ట్రోక్ ఇంజన్లు తీయించిన ఏడాది సర్వసభ్య సమావేశంలో అనబోయి మింగేసిన మాట. 'ఎవరికి తగ్గిందండీ ఖర్చు' అని ఉంది. దాని కింద కంపెనీ ఇంజన్ నాటివి ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, వజ్రం ఇంజన్ కోసం తన గొలుసు తీసి చేతిలో పెట్టిన రోజున ఆమెతో అనాల్సిన మాటలు రెండు మెత్తగా, మసిబట్టి ఉన్నాయి.

"పేలుడు సరుకండీ ఇది. ఏళ్ల తరబడి ఊరింది. పెట్రోలు కూడా ఇట్టా మండదు," అన్నాడు ఇమ్మానుయేలు.

ఇంధనం గురించి నిబంధనల్లో ఏమీ లేదు. పట్టాభి గారు కప్పును బల్ల మీద నాంచారయ్య తల పక్కన పెట్టారు.

"చూడు నాంచారయ్యా, కప్పు నీదే. కాకపోతే గెలిచిన ఇంజన్‌కి వేసినట్టే నీ నోటికీ సీలు పడుద్ది, పందెం రోజున మనోళ్లే వచ్చి తీస్తారు. అదొద్దనుకుంటే ఆ మాటలన్నీ ఇక్కడే అనేసి, కప్పొదిలేసి పో. నీ ఇష్టం."

సభ్యులంతా చెప్పుల వైపు చూసుకున్నారు. నోరు ఎలాగూ తెరిచే ఉంది, అనేస్తే నిమిషం పని. నాంచారయ్య కప్పు వైపు చూశాడు. దాని పొట్ట మీద తన ముఖం వెడల్పుగా, గొప్పవాడి ముఖంలా కనపడింది.

"సీలెయ్యండి," అన్నాడు.

పెదాల గుండా సన్నటి తీగ పోనిచ్చి, కొసలు సీసపు బిళ్లలో నొక్కి, బిళ్ల మీద సంఘం ముద్ర వేశారు. గంజి తాగడానికి ఒక మూల సందు వదిలారు. వజ్రం కప్పు తుడిచి బీరువా మీద పెట్టింది. మొగుడి సీలును వేలితో కదిపి చూసి, ముందు మాత్రం ఏం మాట్లాడేవాడివిలే అని గంజి కలపడానికి వెళ్లింది. అతను ఆమె వెనకే వంటింటి గడప దాకా వెళ్లి, కాసేపు నిలబడి వచ్చేశాడు.

సీలు వేసిన నోట్లో మాట వృథాగా పోదు గనక తర్వాతి పందెంలో నాంచారయ్య ఇంకా సులువుగా గెలిచాడు. అది చూసి మిగతా రైడర్లూ సీళ్లు వేయించుకున్నారు. మిల్లు ఆసామి కొడుక్కి వెండి సీలు చేయించాడు. ఆ తర్వాత బండ్లు లేనివాళ్లు కూడా వచ్చారు. జీతం పెంచమని అడగబోయి ఆగిపోయిన మెకానిక్కులు, ఫీజు పెరిగిందని బడి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిన తండ్రులు ఇమ్మానుయేలు షెడ్డు ముందు వరసకట్టారు. దాచిన మాట ఎప్పటికైనా పనికొస్తుందని వాళ్ల ఆశ. జనం పెరిగేసరికి సీసం ధర పెరిగింది.

ఏడాది చివరి సమావేశంలో, ఖర్చు తగ్గించే నిమిత్తం సీలు రుసుము మూడింతలు చేస్తున్నట్టు పట్టాభి గారు ప్రకటించారు. అభ్యంతరం ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా మాట్లాడవచ్చని చెప్పి, నీళ్లు తాగి, హాలంతా కలియజూశారు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఏకగ్రీవం అని రాసుకున్నారు.

మొదటి వరసలో కూర్చున్న నాంచారయ్యకు ఒక మాట గొంతు దాకా వచ్చింది, సీలుకు తగిలి వెనక్కి మళ్లి, నాలుక కిందికి దిగి సర్దుకుంది. మంచి బరువైన మాట. వచ్చే పందానికి దిగులు లేదనుకుని, అతను అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.