డార్జిలింగ్ వెళ్ళే మేత బండి

పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తినేసి, ఎండెక్కకముందే ఊరు దాటేసి, సాయంత్రానికల్లా పట్టిసీమ రేవు చేరిపోవాలి. ఆ రాత్రి గోదావరి గట్టున బండిలోనే పడక. మర్నాటి నుంచి డార్జిలింగ్ దారి. సూర్యరాజు వేసిన ప్లాను ఇంతే. ఇందులో బెడిసికొట్టడానికి ఏముందని జానకీదేవి ధీమాగా ఉంది.

ఆ బండి నిన్నమొన్నటిదాకా రొయ్యల చెరువులకు మేత బస్తాలు మోసిన పికప్పు. పంట పట్టేశాక చెరువులు ఎండగట్టి, మళ్ళీ రొయ్యపిల్ల వదిలేదాకా దొరికిన ఖాళీలో సూర్యరాజు దాని వెంట పడ్డాడు. ఒక చెక్క అటు లాగితే మంచం, ఇటు తోస్తే వంటగట్టు. మేత డ్రమ్ముకు కుళాయి బిగిస్తే నీళ్ళ ట్యాంకు. రొయ్యపిల్లల్ని ఉంచే సన్నకన్నుల వలతో దోమతెర. పైన సోలారు పలక, లోపల బ్యాటరీ, దానికో చిన్న ఫ్యాను. చదివింది ఇంటరు అయితేనేం, ఈ మనిషి చేతుల్లో ఇంత విద్య దాగుందా అని జానకి అబ్బురపడిపోయింది. మేత వాసన మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోలేదు. వీధిలో పిల్లులన్నీ ఆ బండిని తమ సొంతం అనుకున్నాయి.

పెళ్ళయినప్పటి నుంచి సూర్యరాజు రాత్రుళ్ళు చెరువు గట్టు మీద షెడ్డులోనే. చెరువుకు గాలి కొట్టే మోటారు ఆగిందంటే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలిపోతుంది. అందుకని జానకికి రొయ్యల మీద కాస్త సవతి కోపం ఉండేది. కరెంటు పోయిందన్న ఫోను రాని ఒక్క రాత్రి, ఆయన పక్కన, గోదావరి గాలిలో పడుకోవాలన్నదే ఆమె కోరిక. డార్జిలింగ్ అనేది ఆయన తర్వాత కలిపింది.

బయల్దేరే ముందు ఆమె ముచ్చటపడి ఒక ఫోటో తీసింది. తలుపు తీసిన బండి, లోపల మంచం, పొయ్యి, తాడు మీద ఆరేసిన తువ్వాళ్ళు, గడ్డం మాసి పాత లుంగీలో పానా పట్టుకుని మెట్టు మీద కూర్చున్న సూర్యరాజు. వెనకాల ఎండి నెర్రెలిచ్చిన చెరువు. కింద "ఇకమీదట ఇదే మా ఇల్లు" అని రాసి, చుట్టాలంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ప్రయాణంలో ఫోను ముట్టుకోకూడదని సూర్యరాజు పెట్టిన రూలు ప్రకారం రెండు ఫోన్లూ డాష్‌బోర్డు అరలోకి వెళ్ళిపోయాయి.

అత్తిలి మలుపులో సూర్యరాజు అక్కగారు గొడుగేసుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.

"ముందు దిగండి. పెసరట్లు వేయించాను."

"ఇప్పుడే ఇడ్లీలు తిన్నాం అక్కా!"

"తిన్నామంటావు తమ్ముడూ, నాకు తెలీదా? చిన్నప్పటి నుంచీ నీకు అభిమానం ఎక్కువ."

పెసరట్లు తినిపించాక ఆవిడ బండి చూడాలంది. సూర్యరాజు ఉత్సాహంగా మంచం లాగి చూపించాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. కుళాయి తిప్పి నీళ్ళు చూపించాడు. "అయ్యో నా తండ్రీ!" అంటూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్యాను వేశాడు. ఆవిడ ఇక నిలబడలేక లోపలికి వెళ్ళిపోయి, మనిషి చేత బియ్యం బస్తా మోయించుకొచ్చి బండిలో వేయించింది.

"డార్జిలింగ్‌లో బియ్యం దొరకవా వదినగారూ?" అంది జానకి.

"ఎక్కడుంటే అక్కడ వండుకోండమ్మా. ఏమీ అనుకోవద్దు."

బండి కదిలాక సూర్యరాజు మీసం సవరించుకున్నాడు. "చూశావా జానకీ? పనితనం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది మా అక్క!" జానకికి కూడా ఛాతీ ఉప్పొంగింది.

తణుకులో జానకి తమ్ముడు వంశీ కాపు కాశాడు. అక్కడ ఉప్మా, జీడిపప్పు పకోడీ. ఆపైన పరుపొకటి, కొత్త కుక్కరు, మడత విప్పని చొక్కాలు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె బండెక్కాయి. వంశీ బావగారిని పక్కకు తీసుకెళ్ళి, నేలచూపులు చూస్తూ మాట్లాడాడు.

"మా మిల్లు చూసుకోడానికి నమ్మకమైన పెద్దమనిషి కావాలండి బావగారూ. మీరు వస్తే మాకే గొప్ప. ఎప్పటికైనా సరేనండి."

సూర్యరాజు తబ్బిబ్బయి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. "నా ఇంజినీరింగు చూసి ఉద్యోగం ఇస్తానంటున్నాడు మీ తమ్ముడు!"

జానకి వెనక్కి తిరిగి చూసింది. మంచం లాగడానికి జానెడు చోటు కూడా లేదు. "ఇంకెవరింటి దగ్గరా ఆపకండి. మనం ఎక్కడ పడుకుంటాం?"

"నిడదవోలులో బాబాయిగారి గుమ్మం తొక్కకుండా వెళ్తే ఇంకేమైనా ఉందా?"

బాబాయి శ్రీనివాసరాజుగారి ఇంటి ముందు అరడజను కార్లున్నాయి. ఆయన ఎదురొచ్చి, అన్నకొడుకుని కావిలించుకుని, మాట్లాడకుండా తాళం చెవి చేతిలో పెట్టారు.

"ఇదేంటి బాబాయిగారూ?"

"పైవాటా కడిగించాను. మంచాలు వేయించాను. ఎన్నాళ్ళయినా ఉండండి. నేను బతికుండగా నువ్వు బండిలో కాపురం చేస్తావా సూర్యం? రొయ్య ఇవాళ ముంచుతుంది, రేపు తేలుస్తుంది. ఇల్లు పోతే పోయింది."

"మా ఇల్లెక్కడికి పోయిందండీ?" అంది జానకి.

చినమావయ్యగారి కోడలు భవ్య బెరుగ్గా ఫోను ముందుకు చాచింది. పొద్దుటి ఫోటోను జానకి ఈసారి వాళ్ళ కళ్ళతో చూసింది. ఎండిన చెరువు, మాసిన గడ్డం, తాడు మీద బట్టలు, "ఇకమీదట ఇదే మా ఇల్లు". చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. చితికిపోయిన మనిషిని ఏమైందని అడగడం ఆ కుటుంబాల్లో మర్యాద కాదు. అడగకుండా పెట్టడమే మర్యాద. పొద్దుటి నుంచీ అందరూ ఆ మర్యాదే పాటించారు. సిగ్గుతోపాటు ఆమె కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నిజంగానే ఇల్లు పోయినా తాము రోడ్డున పడే ప్రశ్నే లేదన్నమాట.

"పంట బ్రహ్మాండంగా వచ్చింది బాబాయిగారూ! సరదాగా తిరిగొద్దామని, సరదాగా గోదావరి గట్టున బండిలో పడుకుందామని..." అన్నాడు సూర్యరాజు.

శ్రీనివాసరాజుగారి మొహం అప్పుడు మాడిపోయింది.

"సరదానా? నష్టమొచ్చి బండిలో పడుకుంటే అది కాలం, మనమేం చేస్తాం! అన్నీ ఉండి, నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ, ఆ గట్టు మీద పడుకుంటారా? అన్నకొడుక్కి పక్క వెయ్యలేదని నలుగురూ నన్ను ఆడిపోసుకోరూ? కుదరదు. కదలడానికి వీల్లేదు."

ఇల్లు పోవడాన్ని క్షమించిన మనిషి సరదాను క్షమించేలా లేడు. కోరుకున్న రాత్రి పైవాటాలో తెల్లారిపోతుందని జానకికి అర్థమైంది. అంతే, కొంగు బిగించింది.

"చినమావయ్యగారూ, అది బండి కాదండి, మా ఇల్లే. నేనే రాశాను కదా! మా ఇంటిదాకా వచ్చి భోంచెయ్యకుండా వెళ్తారా? మమ్మల్ని అంత తీసేస్తారా?"

శ్రీనివాసరాజుగారు చెప్పులేసుకుని బండి వైపు నడిచారు. పిలిచిన ఇంట భోజనం కాదనడం ఆయన వంశంలో లేదు.

సామానంతా పైవాటాలోకి చేర్చారు. అక్కగారి బియ్యం కాసిని, వంశీ కుక్కరు మాత్రం కింద ఉంచి, జానకి వంటగట్టు తోసి పొయ్యి వెలిగించింది. తాను తెచ్చుకున్న ఎండురొయ్యలతో చింతచిగురు కూర వండింది. మొదటి ముద్దకు ముభావంగా ఉన్న చినమావయ్యగారు మూడో ముద్దకు కుళాయి తిప్పి చూశారు. పెరుగన్నం దగ్గర ఫ్యాను తమ వైపు తిప్పమన్నారు. చెయ్యి కడుక్కుని, "ఏదీ, ఆ మంచం ఎలా లాగుతావురా?" అన్నారు. లాగగానే దాని మీద ఒరిగారు.

"దర్జాగా ఉందిరా సూర్యం! నాకూ ఒకటి చేసిపెట్టాలి" అని కళ్ళు మూసుకున్నారు. ఆ గురక పెరటిదాకా వినిపించింది. పెద్దాయన్ని లేపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. భవ్య మాత్రం ముచ్చటపడి ఒక ఫోటో తీసుకుంది.

ఎండ చల్లబడ్డాక ఆయనే లేచి, "ఇంకా ఇక్కడే ఉన్నారా? పొద్దుపోతోంది, బయల్దేరండి!" అని వీళ్ళనే కేకలేశారు.

పట్టిసీమ చేరేసరికి నది మధ్య గుట్ట మీద వీరభద్రుడి గుడి దీపాలు వెలిగాయి. సూర్యరాజు దోమతెర కట్టి మంచం లాగాడు. జానకి నడుం వాల్చి, ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. మేత వాసన, గోదావరి వాసన కలిసి వస్తున్నాయి. ఇన్నేళ్ళ కోపం రొయ్యల మీద నుంచి జారిపోయింది. ఇంత మంచి ఇల్లు ఇంకెవరికీ లేదనిపించింది.

గ్రూపులో అసలు సంగతి రాసేద్దామని ఫోను తీసింది. అక్కడ భవ్య పెట్టిన ఫోటో ఉంది. బండిలో ముడుచుకు పడుకున్న శ్రీనివాసరాజుగారు, కింద "మావయ్యగారు కూడా బండిలోనే". దాని కింద ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, ఏమీ అడగలేదు.

"వాళ్ళకి చెప్పేద్దామా?" అన్నాడు సూర్యరాజు.

"రేపు చెబుదాం లెండి" అని జానకి ఫోను ఆపేసి అరలో పెట్టింది.

అప్పటికే అత్తిలి నుంచి ఇంకో బియ్యం బస్తా నిడదవోలు బయల్దేరింది.