తొమ్మిది మిల్లీమీటర్ల వైద్యం

ఆ రోజు పళ్ళ డాక్టరుగారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి ఇంట్లోంచి బయటపడటం, తొమ్మిదికి క్లినిక్ తలుపు తీయడం, పదకొండింటికి ఒక దవడ పన్ను పీకడం. ఇందులో పొగాకు ప్రసక్తి ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు. ఆయన క్లినిక్‌లో కుర్చీకి ఎదురుగా నల్లబడిన చిగుళ్ళ బొమ్మ ఒకటి గోడ నిండా ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాడు దాన్ని చూడక తప్పదు, నోరు తెరిచి ఉంటాడు గనక ఎదురు చెప్పనూ లేడు.

బూట్లు తొడుక్కుంటూ ఉండగా వెనకనుంచి మామగారు గొంతు తగ్గించి పిలిచారు.

"అల్లుడుగారూ!"

డాక్టరుగారు రెండో బూటు తొడగకుండానే తలెత్తారు. మామూలు రోజుల్లో మామగారు ఆయన్ని "ఏమోయ్" అంటారు. "గారు" చేరిందంటే పని పడిందన్నమాట.

"మీరొక చిన్న సాయం చెయ్యాలి. వంటింట్లోకి వినపడకూడదు."

వంటింట్లో ఉన్నది డాక్టరుగారి భార్య, మామగారి ఒక్కగానొక్క కూతురు. ఆవిడకి తెలిసినంతవరకు తండ్రి పైపు తాగడం మానేసి ఏడాది దాటింది. నిజానికి ఆయన తాగడం మానలేదు, కింద తాగడం మానేశారు. రోజూ రెండు పూటలా మొక్కలకి నీళ్ళు పోస్తానని డాబా ఎక్కుతారు. డాబా మీద ఉన్నవి మూడు కుండీలు, అందులో రెండు ఎప్పుడో ఎండిపోయాయి. ఒకసారి ఆరేసిన బట్టలు తీయబోయి ఈ నీళ్ళు పోయడం ఏమిటో కళ్ళారా చూసిన డాక్టరుగారు, ఆ క్షణంనుంచే కుట్రలో భాగస్వామి అయిపోయారు.

"పైపులో పెట్టే ఫిల్టర్లు అయిపోయాయి. అవి లేకుండా పీలిస్తే నాలుక మంటెత్తిపోతోంది. మలుపులో కొట్టుంది కదా, ఓ పెట్టె తెచ్చిపెట్టండి."

"సైజేమిటి మామయ్యగారూ?"

"ఏదో ఉంటుందిగా, మామూలుది."

ముప్పయ్యేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, గజం కర్ర గోరంత తగ్గినా దుకాణానికి తాళం వేయించిన మనిషాయన. సొంత పైపు కొలత మాత్రం తెలియదు. "నమూనాకి ఇదే పట్టుకెళ్ళండి" అంటూ పైపుని అల్లుడి కోటు జేబులోకి తోసేశారు. కూతురి అడుగుల చప్పుడు వినగానే పేపరు తలకిందులుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

కొట్టతను పైపు ఫిల్టర్ల గురించి ఎవరైనా అడక్కపోతారా అని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నవాడిలా ఉన్నాడు. అడగ్గానే మొహం వెలిగిపోయింది. సొరుగు మొత్తం ఊడబెరికి బల్లమీద పెట్టాడు.

"ఆరు మిల్లీమీటర్లా, తొమ్మిదా?"

"తెలీదండీ. ఇదిగో, ఇది చూసి ఇచ్చెయ్యండి. నాకు టైమవుతోంది."

"చూద్దాం, చూద్దాం. ముందు రకం చెప్పండి. కాగితంది ఉంది, బొగ్గుది ఉంది, చెక్కది ఉంది. బొగ్గుదైతే పొగ చల్లబడుతుంది గానీ రుచి కాస్త చప్పబడుతుంది. చెక్కది రుచి జోలికి పోదు, తడి పీల్చుకుంటుంది. ఇంతకీ మీరు తడిగా తాగుతారా, పొడిగా తాగుతారా?"

"నేనసలు తాగనండీ. మా మామగారికి."

"మొదట్లో అందరూ అలాగే అంటారు లెండి" అన్నాడు కొట్టతను ఎంతో ఆప్యాయంగా.

పైపు గొట్టం ఊడదీసి ఆరుది పెట్టి చూశాడు, గలగలలాడింది. తొమ్మిదిది పెట్టాడు, అమిరింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

"ఇప్పుడు గాలి ఎలా ఆడుతోందో చూడాలి. మరీ బిగువైతే మీ మామగారికి దవడలు పట్టేస్తాయి. ఒక్కసారి పీల్చండి. వెలిగించక్కర్లేదు."

దవడలు అన్నమాట డాక్టరుగారికి వృత్తిపరంగా తగిలింది. జేబులోంచి స్పిరిట్ దూది తీసి పైపు కొనని మూడుసార్లు తుడిచారు. మామగారి నోట్లో ఏమేం ఉన్నాయో ఊళ్ళో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తరవాత నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా ఒక్క పీల్పు పీల్చారు.

"డాక్టరుగారూ!"

కళ్ళు తెరిస్తే గుమ్మంలో బస్సు డ్రైవరు. రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు ఊదే ఈ మనిషిని చిగుళ్ళ బొమ్మ ముందు కూర్చోబెట్టి, చేతిలో చెయ్యి వేయించుకుని మాన్పించింది డాక్టరుగారే. సిగరెట్టుకి బదులు నమిలే పిప్పరమెంట్ల కోసం అతను కొట్టుకొచ్చాడు.

"అరవై రెండు రోజులండీ" అన్నాడు డ్రైవరు. "అరవై రెండు రోజులు నా పెళ్ళాన్నీ పిల్లల్నీ కాల్చుకుతిన్నాను, మీ మాట మీద! మీరేమో ఇక్కడ కళ్ళు మూసుకుని మరీ..." కొట్టతని వైపు తిరిగాడు. "ఒక పెట్టె ఇవ్వవయ్యా. కాదు, రెండివ్వు."

డాక్టరుగారు పైపు వెనక్కి దాచబోయి మానేశారు. నిజం చెప్పవచ్చు. కానీ ఆయన భార్య రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఈ డ్రైవరు బస్సులోనే. ఇతని చెవిలో పడిన మాట మూడో స్టాపు దాటకుండానే బస్సంతా తిరిగి వస్తుంది.

"ఆగండి! ఇది తాగడానికి కాదు. ఇది... వైద్యం."

"వైద్యమా?"

"చూడండి, ఇందులో పొగాకు ఉందా? నిప్పుందా? ఒట్టి గాలి. సిగరెట్టు మీదికి మనసు పోయినప్పుడల్లా దీన్ని పట్టుకుని పీల్చాలి. చేతికి పనుంటుంది, నోటికి పనుంటుంది. మీకిచ్చే ముందు నా మీద ప్రయోగం చేసుకుంటున్నాను."

డ్రైవరు మొహం మెల్లగా విచ్చుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది. "పొగ లేనప్పుడు ఫిల్టరెందుకండీ?"

జవాబు అక్కడేమైనా ఉందేమోనని డాక్టరుగారు పైపు గొట్టంలోకి తొంగి చూశారు. ఆదుకున్నది కొట్టతను.

"గాలి మాత్రం శుభ్రంగా ఉందనుకున్నావా? తొమ్మిది మిల్లీమీటర్లది, బొగ్గుది తీసుకో. డాక్టరుగారు అదే వాడుతున్నారు."

డ్రైవరు ఒక పైపు, ఒక ఫిల్టర్ల పెట్టె కొనుక్కుని, పైపు పళ్ళ మధ్య బిగించి, ఓడ నడపబోయేవాడిలా బస్సెక్కాడు.

పదకొండు గంటలకి నర్సు లోపలికి వచ్చింది. "సార్, బయట పధ్నాలుగుమంది ఉన్నారు. ఒక్కరికీ పన్ను నొప్పి లేదంట."

డాక్టరుగారు తొంగి చూశారు. బస్సు డిపో మొత్తం దిగినట్టుంది. కండక్టర్లు, మెకానిక్కులు, టికెట్లు తనిఖీ చేసే ఆయన, అందరి నోట్లోనూ పైపులు. గదిలో పొగ లేదు, సుయ్‌సుయ్‌మని ఒకటే చప్పుడు.

"మాక్కూడా చూసి పెట్టండి డాక్టరుగారూ. నాది ఆరా, తొమ్మిదా?"

"నాది తిరగేసి పెట్టానేమో, గాలి రావట్లేదండీ."

ఒక మెకానిక్ ఆరు మిల్లీమీటర్ల పైపులో తొమ్మిది మిల్లీమీటర్ల ఫిల్టరుని సుత్తితో కొట్టి మరీ దిగేశాడు. దాన్ని పట్టకారుతో పీకేసరికి డాక్టరుగారికి జ్ఞానదంతం పీకినంత పనయింది. పదకొండింటికి వచ్చి దవడ పట్టుకు కూర్చున్న అసలు రోగి "నేను మళ్ళీ వస్తాను లెండి" అని వెళ్ళిపోయాడు. ఇంతలో నర్సు మరో కబురు మోసుకొచ్చింది. కొట్టతను బయట బోర్డు పెట్టాడట: "డాక్టరుగారు స్వయంగా పీల్చి చూసిన ఫిల్టరు ఇచ్చట దొరకును."

భోజనాల వేళకి తలుపు తోసుకుని డాక్టరుగారి భార్య వచ్చింది. ఒక చేత్తో హ్యాండ్‌బ్యాగు, రెండో చేత్తో తండ్రి.

"ఏవండీ, ఇంత గొప్ప వైద్యం కనిపెట్టి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదేం? బస్సులో డ్రైవరు చెబితే తెలిసింది నాకు! ఆఫీసుకి సెలవు పెట్టి నాన్నని తీసుకొచ్చాను."

"మీ నాన్నగారెందుకు? ఆయన ఏడాది క్రితమే మానేశారుగా" అన్నారు డాక్టరుగారు, ఆఖరి గోడ కూలిపోకుండా ఆపుతూ.

"మానేశారు పాపం. అయినా డాబా మీద ఎండిన కుండీ వెనక పొగాకు డబ్బా దాచుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరు ముందు చెబుతారా అని చూశాను. మీరిద్దరూ చెప్పలేదు." ఆవిడ గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "వస్తూ వస్తూ ఆ డబ్బా పారబోసి వచ్చాను. పక్కన పైపు మాత్రం లేదు. ఊఁ, కానివ్వండి. ఆయన పైపు మీ జేబులోనే ఉందిగా?"

డాక్టరుగారు పైపు తీసి మామగారి చేతిలో పెట్టారు.

"పీల్చండి మామయ్యగారూ."

"మొదటివారమే కష్టం పెద్దాయనా" అన్నాడు టికెట్లు తనిఖీ చేసే ఆయన. "గట్టిగా పీల్చండి."

పధ్నాలుగుమంది చూస్తుండగా మామగారు ఖాళీ పైపు పీల్చారు. అల్లుడి వైపు చూసిన చూపులో మాత్రం నిప్పుంది.

మొదటివారం ఆయన అల్లుడితో మాట్లాడలేదు. రెండోవారం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోవారం పొద్దున్న లేచి, పొగాకు మీదికి మనసే పోవడం లేదని ప్రకటించారు. కూతురు కళ్ళు తుడుచుకుంది. తను అబద్ధంగా చెప్పింది నిజమైపోయేసరికి డాక్టరుగారు కూడా జేబురుమాలు వెతుక్కున్నారు.

అసలు చిక్కు ఆ మర్నాటినుంచి మొదలైంది. పొగాకు మానినాయనకి పొద్దు గడవడం లేదు. తొమ్మిదికల్లా క్లినిక్‌కి వచ్చి, చిగుళ్ళ బొమ్మ పక్కన కుర్చీ వేసుకుని, ఖాళీ పైపు ఊపుతూ పొగాకు వల్ల నష్టాల మీద ఉపన్యాసం మొదలుపెడుతున్నారు. పళ్ళు కడిగించుకోవడానికి వచ్చిన ఆవిడని గంటన్నర కూర్చోబెట్టారు. ఆవిడ జన్మలో సిగరెట్టు ముట్టలేదన్నా వినలేదు. "మొదట్లో ఒప్పుకోరమ్మా ఎవరూ" అన్నారు. నెల తిరిగేసరికి రోగులు పంటి నొప్పిని ఇంట్లోనే భరించడం అలవాటు చేసుకున్నారు. నర్సు వేరే ఉద్యోగం చూసుకుంటానంది.

ఒక సాయంత్రం డాక్టరుగారు డాబా ఎక్కారు. అటూ ఇటూ చూసి, మామగారి పక్కన కూలబడి, జేబులోంచి చిన్న పొట్లం తీశారు.

"మామయ్యగారూ, మేలు రకం పొగాకట. కొట్టతను చెప్పాడు. రోజుకి రెండు పూటలు... పోనీ, ఒక్క పూట. మీ అమ్మాయికి నేను చెప్పను."

మామగారు పొట్లం వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు. తటాలున లేచి నిలబడ్డారు.

"తండ్రిలాంటివాణ్ణి, నాకు విషం పెడతావా? అసలు నువ్వు డాక్టరువేనా?"

మర్నాటి ఉపన్యాసంలో ఆయన ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పారు. బంధుత్వం దృష్ట్యా పేరు మాత్రం చెప్పలేదు, పైపుతో చూపించారు.