తవుడుకు కొన్న కొడుకు

ఆ ఉదయం నర్సు మార్త వేసుకున్న ఆలోచనలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. తాండూరు అవతల, రాళ్ల గనుల పక్కనున్న వాడలో దేవమ్మకు తెల్లవారేసరికి మగపిల్లవాడు పుట్టాడని కబురు వచ్చింది. వెళ్లి పసివాడి ఊపిరి, ఒంటి రంగు, బొడ్డు చూడాలి. వెచ్చగా చుట్టి తల్లి రొమ్ముకు పట్టించాలి. హైదరాబాదు నుంచి డాక్టరమ్మ జీపు వచ్చేలోపు ఆసుపత్రికి తిరిగి వచ్చేయాలి. అంతే.

వికారాబాదులో శిక్షణ ముగించుకుని వచ్చిన నాటి నుంచీ మార్త గడప గడపకూ తిరిగి ఒకటే బతిమాలుతోంది, పుట్టిన రోజే పిల్లను చూపించమని. ఎవరూ వినలేదు. పురుటి స్నానం అయ్యేదాకా పరాయి చెయ్యి తగలకూడదంటారు. ఆ తర్వాత పిలిస్తే చూడటానికి ఏమీ మిగలని ఇళ్లు కొన్ని ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన రోజు మార్తకు అన్నం సహించేది కాదు.

దానికి తోడు ఇంకో పీడ. నర్సులు బాలింతల ఇళ్లల్లో అవీ ఇవీ పుచ్చుకుంటున్నారని ఎవడో పేరు లేని మహానుభావుడు పైకి రాశాడు. తమలపాకు కూడా ముట్టుకోవద్దని డాక్టర్ అరుణాదేవి ఆర్డరు వేసింది. ఆ సంగతి విచారించడానికే ఇవాళ స్వయంగా వస్తోంది.

వాడ మొదట్లోనే పెంటకుప్ప ఉంది. దాని మీద ఒక చాట, చాటలో పాతగుడ్డ కూడా సరిగ్గా కప్పని పసిగుడ్డు. చుట్టుపక్కల మనిషి లేడు. మార్త ఒక్క ఉరుకున వెళ్లి పిల్లవాణ్ని ఎత్తుకుని కొంగులో చుట్టేసింది.

"అయ్యో దేవుడా! పిలగాన్ని ఎవరు పారేసిండ్రు?"

గోడ వెనక నుంచి దేవమ్మ ఆడబిడ్డ బీరమ్మ నెత్తి కొట్టుకుంటూ బయటికొచ్చింది. "పారెయ్యలే నర్సమ్మా! నేను ఎత్తుకోవాల్నని పెట్టిండ్రు. గింతల నువ్వొస్తివి!"

నర్సప్ప, దేవమ్మల మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. ఈసారి నర్సప్ప తల్లి నాగవ్వ గట్టి ఏర్పాటు చేసింది. పిల్లవాణ్ని పెంట మీద పెట్టాలి. దారిన పోయేవాళ్లు దొరికిన బిడ్డలా ఎత్తుకోవాలి. వాళ్ల దగ్గర చాటెడు తవుడుకు కొనుక్కోవాలి. తవుడుకు వచ్చినవాణ్ని చావు కూడా లెక్కచేయదట. దారిన పోయే మనిషి వేషం బీరమ్మది. ఆమె గోడ వెనక కొంగు సర్దుకుంటుండగా నిజంగానే దారిన పోయే మనిషి వచ్చి పడింది.

నాగవ్వ చాట నిండా తవుడు తెచ్చింది. "ఎత్తుకున్నోళ్లదే పిలగాడు. గిప్పుడు నీ కొడుకు. గిది తీస్కొని మాకు అమ్ము, నర్సమ్మా."

"నాకేం వద్దవ్వా! ఫుకట్ల తీస్కోండ్రి. కాళ్లు సల్లగైనయ్, జల్ది పాలియ్యాలె."

"ఫుకట్ల ఇస్తె కొన్నట్టెట్లయితది? సావుకు తెల్వదా?"

మార్త వాళ్ల గుడిసెలోకి దూరి పిల్లవాణ్ని తల్లి ఒడిలో పెట్టబోయింది. దేవమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. పాలతో ఆమె రవిక తడిసిపోయి ఉంది. "వద్దు నర్సమ్మా. ఇద్దరు నా ఒళ్లెనే పోయిండ్రు. అమ్మినంక ఇయ్యి. నీ కాళ్లు మొక్కుత."

మార్తకు ఏడుపు ఆగలేదు. తవుడు పుచ్చుకుందామంటే ఇవాళే విచారణ. తన ఉద్యోగం ఊడితే ఈ వాడకు ఇంకో నర్సు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"బీరమ్మకిస్త, ఆమె మీకు అమ్ముతది" అంది చివరికి, గుమ్మంలోకి వచ్చి.

"నేను దాక్కున్న సంగతి వాడంత తెలిసిపాయె. ఇగ నాతోని కాదు" అంది బీరమ్మ.

ఆ మాటల మధ్యలో గని నుంచి నర్సప్ప పరుగెత్తుకొచ్చాడు. నర్సమ్మ వద్దంటోందంటే తవుడు చాలలేదని అతనికి అర్థమైంది. జొన్నల మూట తెచ్చాడు. మార్త వద్దంది. కోడిని తెచ్చాడు. ఇంకా గట్టిగా వద్దంది. పక్కింటి మేకను కొమ్ములు పట్టి ఈడ్చుకొచ్చాడు.

"గింతకన్న నా తాన ఏం లేదు నర్సమ్మా!"

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. మార్త ఆసుపత్రిలో లేదంటే డాక్టరమ్మ వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చింది. ఆమెకు కనిపించింది ఇదీ: చేతిలో బిడ్డతో నర్సు, కాళ్ల దగ్గర జొన్నలు, కోడి, మేక.

నర్సప్ప ఆమె ముందు సాగిలపడ్డాడు. "నువ్వన్న జర చెప్పమ్మా! ఎంతిస్తమన్నా పిలగాన్ని ఇస్తలేదు!"

అరుణాదేవి ముఖం నల్లబడింది. "ఎంత అడిగింది?"

"ఏం అడుగుతలేదమ్మా! గదే పరేషాన్!"

మార్త వెక్కుతూ చెప్పినదాంట్లో డాక్టరమ్మ సగమే విన్నది. మార్త చేతుల్లోనే ఉన్న పిల్లవాడి పాదాలు పట్టి చూసింది. చల్లగా ఉన్నాయి. దేవమ్మను పాలివ్వమంది. ఆమె గోడ వైపు తిరిగింది. మూఢనమ్మకాల మీద డాక్టరమ్మ చక్కటి ఉపన్యాసం ఇచ్చింది. అందరూ మర్యాదగా విన్నారు. పిల్లవాడు ఏడవడానికి నోరు తెరిచాడు కానీ గొంతు రాలేదు. అది చూసి ఆమెకు నిజంగా భయం వేసింది.

"మార్తా, ఆ తవుడు తీసుకో."

"మీ ఆర్డరు ఉంది కదమ్మా. తమలపాకు కూడా..."

"ఆర్డరు వేసినదాన్ని నేనే చెబుతున్నాను. కొంగు పట్టు!"

మార్త కొంగు పట్టింది. నాగవ్వ తవుడు పోసింది. పోయగానే దేవమ్మ కొడుకును లాక్కుని రవికలోకి దోపుకుంది. వాడు కాసేపు తడుముకుని, అందుకున్నాడు. తల్లి గొల్లున ఏడ్చింది. డాక్టరమ్మ మేక వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. జీపెక్కుతూ, "తవుడు వరకైతే తప్పు లేదు. పిల్లల్ని ఆ పెంట మీద పెట్టడం మాన్పించు. బొడ్డుకు విషం. ముందు నీ పని అదే" అంది.

పిల్లవాడు బతికాడు. వాడికి పెంటయ్య అని పేరు పెట్టారు. మార్త చేతి గుణం సంగతి దౌల్తాబాద్ దాకా పాకింది. ఆ రోజు నుంచి ఎవరికి కాన్పయినా ఆ పూటే మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. అన్నాళ్లు బతిమాలినా జరగనిది ఇప్పుడు ఇంటింటా జరుగుతోంది. కాకపోతే ప్రతివాళ్లూ పిల్లను పెంట మీదే పెట్టి పిలుస్తున్నారు. మార్త తిట్టింది, ఏడ్చింది, చివరికి రాజీపడింది. పెంటకు దూరంగా ఊడ్చిన నేల, కడిగిన చాట, ఉతికిన గుడ్డ. అక్కడే నిలబడి ఊపిరి, రంగు, బొడ్డు చూస్తుంది. చెమ్చాడు తవుడు చాలంటే మాత్రం ఏ అవ్వా ఒప్పుకోలేదు.

తవుడుతో ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేకపోయేసరికి, మార్త బర్రెను కొనుక్కుంది.