పదహారుకీ ఇరవయ్యారుకీ మధ్య ఒకరు

బ్రష్‌ఫోర్క్ కౌంటీ ప్రజలకు పెన్నిక్ కుటుంబం తెలియజేయునది ఏమనగా: జూన్ నెల ఆఖరి ఆదివారం చర్చి విడిచిన అరగంటకు, కోర్టు ముందున్న పచ్చికలో, రేకుల పందిరి కింద, వంశ మూలపురుషుడి స్మారక శిలను ఆవిష్కరించడం జరుగుతుంది. వచ్చే ప్రతి ఇంటివారూ ఒక వంటకం తీసుకురావలెను. పోయినేడు పదకొండు ఇళ్ళవాళ్ళు కూడబలుక్కున్నట్టు ఉడికించిన గుడ్లే తెచ్చినందున, ఈసారి గుడ్లు తేదలచినవారు ముందుగా లియోటా అత్తయ్య అనుమతి పొందవలెను.

ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి. రాయి సిద్ధం, రాయి మీద కప్పే గుడ్డ సిద్ధం, గుడ్డ లాగే తాడు సిద్ధం. మూలపురుషుడు ఉన్నాడన్న రుజువొక్కటే తక్కువైంది.

రాయి సంగతి ముందు చెప్పాలి. గార్లండ్ పెన్నిక్‌ది సమాధిరాళ్ళ వ్యాపారం. ఊళ్ళో ఒకాయన కోసం ముందుచూపుతో నల్లరాయి తెప్పించాడు. తీరా ఆయన కోలుకుని, చేపలు పట్టడానికి కూడా వెళ్తున్నాడు. అంత మంచి రాయి వృథా కావడం గార్లండ్‌కి ఇష్టం లేకపోయింది. వంశానికి మూలపురుషుడు ఉండాలన్న ఆలోచన అలా పుట్టింది.

ఇక రుజువు. కౌంటీలో తొలి కుటుంబాల సంఘమని ఒకటుంది. 1820 నాటి జనాభా లెక్కల్లో ఏ ఇంటిపేరు కనిపిస్తే ఆ కుటుంబానికి యోగ్యతాపత్రం ఇస్తుంది. ఆ పత్రం ఉంటేనే రాయిని కోర్టు ముందున్న పచ్చికలో నిలబెట్టనిస్తారు. అంతకు ముందు వందల ఏళ్ళుగా అక్కడి ఏరు ఒడ్డున మొక్కజొన్న పండించుకున్న ఆదివాసుల్ని ఆ లెక్కల్లో రాసుకోలేదు. కాబట్టి వాళ్ళు తొలివాళ్ళు కారు. నియమం నియమమే.

ఈ రుజువు వెతికే పని ఆర్డిత్‌కి అప్పగించారు. ఆర్డిత్ పెన్నిక్‌లకు పుట్టింది కాదు, పెన్నిక్‌లకు ఇచ్చిన పిల్ల. పెళ్ళికి ముందు రెండేళ్ళు కాలేజీకి వెళ్ళింది. వంటల చీటీలను అక్షరక్రమంలో పెట్టుకుంటుంది. ఈ అర్హతలు వంశంలో ఇంకెవరికీ లేవు. ఆమె భర్త డెల్మర్ నలభై ఒక్క ఏళ్ళ కిందట రెండు పెట్టెలతో, ఒక కుక్కతో ఆర్డిత్ వాళ్ళ నాన్న స్టోల్ట్స్ గారింటికి వచ్చి, అప్పట్నుంచీ అక్కడే ఉన్నాడు. ఆ వీధివాళ్ళు ఇప్పటికీ దాన్ని స్టోల్ట్స్ వాళ్ళిల్లనే అంటారు. డెల్మర్ దాన్ని పట్టించుకోడు. పొరుగువాళ్ళన్నాక నోరు తిరగదు కాబోలనుకుంటాడు.

మార్చిలో ఆర్డిత్ గ్రంథాలయం నేలమాళిగలో కూర్చుని పాత లెక్కల పుస్తకాల ఫిల్ము చుట్టలు తిప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ వారమే 2010 జనాభా లెక్కలకు నింపి పంపాల్సిన కవరు ఇంటింటికీ వచ్చింది. పెన్నిక్‌లు అందరూ దాన్ని చెత్తబుట్టలో వేశారు.

"మనింట్లో ఎంతమందిమో వాళ్ళకెందుకట?" అన్నాడు డెల్మర్. "రేపు ఏ పూట ఏం తిన్నావని కూడా అడుగుతారు."

లియోటా అత్తయ్య అదే ఉదయం ఫోన్ చేసింది. "కవరు పారేశావుగా, అమ్మాయ్? మంచి పని చేశావు. ఇదిగో, 1820లో మన ఓబడయా తాత ఇంట్లో ఎంతమందో తేలిందా? వయసులతో సహా కావాలి నాకు."

తేలింది. ఆ కాలంలో లెక్కలవాళ్ళు ఇంటికి ఒక్క పేరే రాసేవారు. యజమాని పేరు వేసి, మిగతావాళ్ళని వయసుల గళ్ళలో అంకెలుగా సర్దేవారు. భార్య ఒక అంకె, బిడ్డలు కొన్ని అంకెలు, పాలేరు ఉంటే అతనూ అంకే. ఓబడయా పెన్నిక్ పేరు పక్కన గళ్ళు ఇలా ఉన్నాయి: నలభై అయిదు దాటిన మగవాడు, ఒకరు. అదే వయసు ఆడమనిషి, ఒకరు. పదహారుకీ ఇరవయ్యారుకీ మధ్య ఆడమనిషి, ఒకరు. పదహారుకీ ఇరవయ్యారుకీ మధ్య మగవాడు, ఒకరు.

ఆ ఆఖరి ఒకటి చూసి వంశం వంశమంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే జోసయా! ఓబడయా కొడుకు! 1830 లెక్కల్లో ఇంటి యజమానిగా కనిపించే జోసయా పెన్నిక్! వారం తిరక్కుండా ఆ ఒకటికి ఆరడుగుల రెండంగుళాల ఎత్తు వచ్చింది. గొడ్డలి వచ్చింది. ముందుకు పొడుచుకొచ్చిన పెన్నిక్ గడ్డం వచ్చింది. పెన్నిక్‌లలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆడా మగా అని అడగరు, గడ్డం వచ్చిందా అని అడుగుతారు. అడవి నరికి పొలం చేసింది అతనేనని తేల్చి, గార్లండ్ ఉత్సాహం పట్టలేక ఓబడయాని వదిలి జోసయా పేరే మూలపురుషుడిగా చెక్కడం మొదలుపెట్టేశాడు.

ఆర్డిత్ మాత్రం ఇంకో రెండు వారాలు వెతికింది. తోచక కాదు. వంశవృక్షంలో జోసయా పక్కన 'భార్య, పేరు తెలియదు' అని ఉంది. పదిమంది బిడ్డల్ని కన్న మనిషికి పేరు లేకపోవడం, వంటల చీటీ మీద వంట పేరు లేనట్టుగా ఆమెకు తోచింది. ఆ ఒక్క పేరు దొరికితే రాయి మీద వేయించాలని పట్టుదల పెట్టుకుంది.

కోర్టు పెళ్ళిళ్ళ పుస్తకంలో దొరికింది. 1821, నవంబరు. కెజాయా పెన్నిక్‌కీ జోసయా మడ్జ్‌కీ వివాహం.

ఆర్డిత్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. పెన్నిక్ పెళ్ళికూతురు. పెళ్ళికొడుకు మడ్జ్.

ఓబడయా వీలునామా కూడా దొరికింది. 'నా కూతురు కెజాయాకు పొలమూ, ఇల్లూ, రెండు గొడ్డళ్ళూ. నా దగ్గర పనికి కుదిరి నా అల్లుడైన జోసయా మడ్జ్, సారాకొట్టు జోలికి పోనంతకాలం, ఆమె ఇంట ఉండవచ్చును.' 1834 నాటి దస్తావేజు ఒకదానిలో 'లోకులచే పెన్నిక్ అని పిలువబడు జోసయా మడ్జ్' అని ఉంది. కథ తేటతెల్లమైంది. ఆ రోజుల్లో లెక్కలవాళ్ళు తలుపు కొట్టి చూసి, ఎవరూ పలక్కపోతే పక్కింటివాళ్ళని అడిగి రాసుకుపోయేవారు. పక్కింటివాళ్ళు అది పెన్నిక్‌ల ఇల్లని చెప్పి ఉంటారు. ఇంటి పేరే ఇంటిపేరైంది. అంటే ఆరడుగుల రెండంగుళాల మూలపురుషుడు అచ్చమైన ఇల్లరికపు అల్లుడు.

ఆ సాయంత్రం వంటింట్లో డెల్మర్‌కి చెప్పింది. అతను కాఫీ కప్పు దించేశాడు.

"ఆడదాని ఇంటికొచ్చి కూర్చుని, పేరు కూడా ఆవిడదే తగిలించుకున్నాడా? సిగ్గూ శరం ఉండొద్దూ మనిషికి!"

అతను కూర్చున్న కుర్చీ ఆర్డిత్ వాళ్ళ నాన్న చేసింది. ఆర్డిత్ ఇంకాస్త కాఫీ పోసింది.

మే నెలలో లియోటా అత్తయ్య ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. పెన్నిక్ వంశగౌరవాన్ని ముప్పై ఏళ్ళుగా ఒంటిచేత్తో కాపాడుతున్న ఆ ఇంటి తలుపు మీద 'గంప్' అని ఉంటుంది. అది స్వర్గస్థుడైన ఆమె రెండో భర్త ఇంటిపేరు. ఆర్డిత్ కాగితాలు బల్ల మీద పరిచింది. ఎవరూ ముట్టుకోలేదు.

"అయితే నా గడ్డం ఎవరిది?" అన్నాడు గార్లండ్, దాన్ని పట్టుకుని.

"మడ్జ్‌లది అయ్యుండొచ్చు, బావగారూ."

"ఛీ ఛీ. ఇంత గడ్డం మడ్జ్‌లకెక్కణ్ణుంచి వస్తుంది?"

"రక్తం పెన్నిక్‌లదే కదా, అత్తయ్యా," అంది ఆర్డిత్. "కెజాయా నుంచి వచ్చింది. సంఘం వాళ్ళు దానికీ యోగ్యతాపత్రం ఇస్తారు, నేను కనుక్కున్నాను."

లియోటా అత్తయ్య లేచి నిలబడింది. ఆమె నిలబడితే ఉపన్యాసం తప్పదని అందరికీ తెలుసు గనుక కుర్చీలు సర్దుకున్నారు.

"పిల్లలారా! నూట తొంభై ఏళ్ళుగా మనకి తెలిసిన సంగతి ఒక కాగితానికి తెలియలేదంటే అది ఆ కాగితం దౌర్భాగ్యం. ఆడవాళ్ళ వైపు నుంచి వంశాన్ని లెక్కేసుకుంటూ పోతే రేపు ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది. పెన్నిక్ అంటే మగవాడి వెంట వచ్చేది! నేను పుట్టుకతో పెన్నిక్‌ని, చచ్చేదాకా పెన్నిక్‌ని!"

చప్పట్లు మోగాయి. ఆ సమయంలో తపాలా మనిషి శ్రీమతి గంప్ గారి ఉత్తరాలు తలుపు సందులోంచి పడేసి వెళ్ళాడు.

1821లో ఏం జరిగిందన్న విషయాన్ని ఓటింగుకు పెట్టారు. జోసయా పుట్టుకతో పెన్నిక్ అనడానికి పందొమ్మిది చేతులు లేచాయి. ఒడిలో నిద్రపోతున్న ఆర్నెల్ల పసివాడి చెయ్యి వాళ్ళమ్మ ఎత్తి పట్టుకుంది, వాడికి గడ్డం ఉంది గనుక. డెల్మర్ చెయ్యి భార్య వైపు చూడకుండా లేచింది. వ్యతిరేకంగా ఒకటి. ఆ విధంగా జోసయా మరణించిన నూట నలభై ఏళ్ళకు, భారీ మెజారిటీతో, ఓబడయాకు కొడుకుగా జన్మించాడు.

"పోనీ, రాయి మీద ఆవిడ పేరైనా వెయ్యండి, బావగారూ," అంది ఆర్డిత్. "కెజాయా. నేను కొలిచి చూశాను, జోసయా కింద జానెడు చోటుంది."

"అక్కడ గొడ్డలి వస్తుంది, అమ్మాయ్."

"గొడ్డలి కాస్త చిన్నది చెక్కొచ్చుగా?"

గార్లండ్ నొచ్చుకున్నాడు. "చిన్న గొడ్డలితో అడవి నరుకుతారా ఎవరైనా?"

చివరికి దయతలచి 'మరియు భార్య' అని వేస్తామన్నారు. సంఘానికి పంపాల్సిన కాగితాల మాటొస్తే, ఆ రాతకోతలు ఎవరికి పడతాయి? "నువ్వే పంపెయ్యి, అమ్మాయ్," అంది లియోటా అత్తయ్య. ఆర్డిత్ పంపింది. వీలునామా, పెళ్ళి పుస్తకం, దస్తావేజు, ఒక్కటీ వదలకుండా పంపింది.

యోగ్యతాపత్రం బంగారు అంచుతో వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో 'పెన్నిక్'. కింద చిన్న అక్షరాల్లో, ఓబడయా పెన్నిక్ కూతురు కెజాయా, ఆమె భర్త జోసయా మడ్జ్, వారి సంతతి. లియోటా అత్తయ్య దాన్ని గుండెలకు హత్తుకుని, చట్రం కట్టించి, వసారాలో వచ్చినవాళ్ళందరికీ కనిపించేలా తగిలించింది. ఆమె కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి. వసారాలోకి తెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు. మిగతా పెన్నిక్‌లు పెద్ద అక్షరాలతోనే తృప్తిపడ్డారు.

జూన్ ఆఖరి ఆదివారం గుడ్డ లాగారు. నల్లరాయి తళతళలాడింది. 'జోసయా పెన్నిక్, మూలపురుషుడు.' దాని కింద అడ్డంగా మూరెడు గొడ్డలి. గొడ్డలి కింద, వంగితేగాని కనిపించకుండా, 'మరియు భార్య'. అందరూ గొడ్డలి పక్కన నిలబడి, గడ్డం పైకెత్తి ఫోటోలు దిగారు. అది కెజాయా గొడ్డలేనని, వీలునామా మూడో పంక్తిలో ఉందని ఆర్డిత్‌కి ఒక్కదానికే తెలుసు. ఆమె క్యారెట్ తురుము వేసిన జెల్లీ వడ్డిస్తూ అటు చూసి, ఆవిడ సొత్తు ఇంతయినా పైకొచ్చింది పాపం అనుకుంది.

ఆ తర్వాతి వారం లెక్కల మనిషి వీధిలోకి వచ్చింది. స్కూలు బస్సు నడిపి పదవీవిరమణ చేసిన ఒకావిడ, భుజానికి నల్లసంచీ. కవరు తిప్పి పంపని ఇళ్ళకు ఇలా మనిషిని పంపుతారు. డెల్మర్ ఆవిణ్ణి రెండుసార్లు గుమ్మంలోంచే సాగనంపాడు. "ఉన్నంతమందిమీ ఉన్నాం, వెళ్ళమ్మా," అన్నాడు. మూడోసారి వచ్చేసరికి అతను ఇంట్లో లేడు, కోర్టు పచ్చికలో రాయి పక్కన నిలబడి దారినపోయేవాళ్ళకి వంశచరిత్ర చెబుతున్నాడు. ఆర్డిత్ ద్రాక్షపందిరి వెనక పక్క వసారాలో బీన్సు తుంచుతోంది. తలుపు చప్పుడు విని లేవబోయింది. ఈలోగా ఆవిడ ఎదురింటి మెట్లెక్కేసింది. ఎదురింటి బెర్నడీన్ అవ్వకి ఎనభై నాలుగేళ్ళు, మాట మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది.

"అదా? అది స్టోల్ట్స్ వాళ్ళిల్లు."

"ఎంతమంది ఉంటారండీ?"

"ఇద్దరు, మొగుడూ పెళ్ళాం. పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు."

"ఆయన పేరు?"

"డెల్మర్. పనికి రమ్మంటే రాడు, కబుర్లంటే ముందుంటాడు."

"డెల్మర్ స్టోల్ట్స్," అని పలుకుతూ రాసుకుంది ఆవిడ. "ఆమె పేరేమిటండీ?"

"ఆర్డిత్. నా కళ్ళముందు పుట్టింది. పేరు సరిగ్గా రాయి, తల్లీ, మంచి పిల్ల."

ఆర్డిత్ నోరు తెరిచింది. వీధి వెడల్పు ముప్పై అడుగులు, ఒక్క కేకేస్తే చాలు. ఆ కాగితాలను చట్టప్రకారం డెబ్బై రెండేళ్ళదాకా ఎవరికీ చూపించరు. 2082లో, వంటల చీటీలు అక్షరక్రమంలో పెట్టుకునే పిల్ల ఎవరో పెన్నిక్‌లలో కోడలుగా చేరి, వీటిని తిప్పుతుంది. డెల్మర్ స్టోల్ట్స్ దొరుకుతాడు. సమావేశం జరుగుతుంది. చేతులు లేస్తాయి. అప్పుడు కూడా ఎక్కడో ఒక మంచి రాయి మిగిలి ఉండకపోదు.

ఆర్డిత్ నోరు మూసుకుని ఇంకో బీన్సుకాయ తుంచింది.

ఇది చదివి నవ్వుకొనదలచినవారు, ముందుగా తమ తాతగారి తల్లి పేరును ఒక్కసారి పైకి పలికి, ఆ తరువాతనే నవ్వవలసిందిగా మనవి.