కండక్టర్ మాణిక్యప్ప కషాయం

నారాయణఖేడ్ పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, రిటైర్డు బస్సు కండక్టర్ మాణిక్యప్ప పెరట్లోని ద్రాక్షపందిరి మూడో ఏట కాపుకొచ్చింది. జొన్న, కంది, పత్తి తప్ప మరొకటి ఎరుగని నేలలో ద్రాక్ష కాయడం చిన్న విషయం కాదు కనుక, వాడకట్టులో ఇంటికో గుత్తి చొప్పున పంచడం జరిగింది. తిన్నవారందరూ చాలా బాగున్నాయని చెప్పారు. రెండో గుత్తి మాత్రం ఎవరూ అడగలేదు.

విజయపుర బస్సు మీద డ్యూటీ చేసిన రోజుల్లో ఒక రైతు ఇచ్చిన కొమ్మను తడిగుడ్డలో చుట్టి, టికెట్ల సంచిలో పెట్టుకుని తెచ్చాడు మాణిక్యప్ప. పిల్లలు పెరిగేటప్పుడు తాను బస్సులో ఉన్నాడు గనుక, అప్పుడు ఖర్చు కాకుండా మిగిలిన ప్రేమనంతా ఆ తీగ మీద పెట్టాడు. ఎండాకాలం గోనెపట్టాలు కట్టాడు. ట్యాంకరు వచ్చిన రోజు మొదటి బిందె తీగకు, రెండో బిందె ఇంటికి. అందుకే పండ్లు పుల్లగా ఉన్నాయని అతనితో చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. భార్య బసమ్మకు చాలింది.

“మేకలకేసిన. అవి గుడ మూతి తిప్పుకున్నయ్,” అంది.

ఇంకా రెండు గంపల పండ్లున్నాయి. పారేయడానికి చేతులు రాలేదు. ఫోన్లో వెతగ్గా వెతగ్గా ఒక ఇల్లాలు కనిపించి, పుల్లటి ద్రాక్షను ఏం చేయాలో వివరంగా చెప్పింది. చివరికి తయారయ్యే దాన్ని వైన్ అంటారని కూడా చెప్పింది. ఇక్కడ ఒక విషయం మనవి చేయాలి. మాణిక్యప్ప జన్మలో మందు ముట్టినవాడు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈల ఊది, తూలేవాళ్లను జహీరాబాద్ దారి పొడవునా దించినవాడు. అతను తయారు చేయబూనింది మద్యం కాదు, పండ్లను బతికించే ఉపాయం. ఈ తేడాను రాసుకోవడానికి ప్రభుత్వ కాగితాల్లో గడి లేదన్న సంగతి అతనికి అప్పటికి తెలియదు.

బసమ్మ మామిడికాయ తొక్కు పెట్టే పెద్ద జాడీ ఖాళీ అయింది. పండ్లు కడిగి, ఆరబెట్టి, తొడిమలు తీసి, చేత్తో పిసికి, చక్కెర కలిపి, బేకరీ వాళ్లు బన్ను పొంగడానికి వేసే పొడి చిటికెడు వేసి, మూతికి గుడ్డ కట్టాడు. పొద్దునా సాయంత్రం కట్టెగరిటెతో తిప్పాడు. మూడో రోజు జాడీ లోపలి నుంచి బుడబుడమని చప్పుడు మొదలైంది. మాణిక్యప్ప జాడీకి చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

“నేను మాట్లాడితే ఇంత దగ్గరికొచ్చి ఎన్నడన్న ఇన్నవా?” అంది బసమ్మ.

మూడు వారాలకు వాసన గోడ దాటింది. పక్కింటి ప్రతాప్ సార్, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, గోడ మీదుగా తల పెట్టి అడిగాడు.

“ఏంది కండక్టర్ సాబ్, ఏదో వాసనొస్తుంది?”

వైన్ అనే మాట మాణిక్యప్ప నోటికి రాలేదు. “కషాయం,” అన్నాడు.

“దేనికి?”

“మోకాళ్లకు.”

మోకాళ్లు లేనివారు ఈ పట్టణంలో లేరు. మర్నాటి నుంచి రోగులు రావడం ప్రారంభమైంది. ప్రతాప్ సార్ మూడు రోజుల సేవనం తర్వాత కర్ర లేకుండా నడిచాడు. నాలుగో రోజు మళ్లీ కర్ర అవసరమైంది గానీ, కారణం మోకాళ్లు కాదు. మద్యపాన నిర్మూలన సమితి అధ్యక్షుడు దుర్గేశ్ వెనక గేటు నుంచి వచ్చాడు. ఆయనకు నిద్ర పట్టని జబ్బు. ఏ జబ్బూ లేనివారు కొందరు మొహమాటపడి, గేటు దగ్గరే ఒకటి ఎంచుకుని లోపలికొచ్చేవారు. బసమ్మ తలా అర చాయ్ గిలాస కొలిచి ఇస్తూ, “పడిగడుపుల తాగకుండ్రి, తాగినంక బండి తోలకుండ్రి,” అని దవాఖాన నర్సులా చెప్పేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మాణిక్యప్ప మాత్రం ముట్టలేదు. తన వాటాను ఆరు నెలలు కదపకుండా ఉంచితే రుచి వస్తుందని ఫోన్లో ఇల్లాలు చెప్పింది.

ఒకరోజు దుర్గేశ్ గిలాస కింద పెట్టి, తడి కళ్లతో, “నీ ద్రాక్షల జీవమున్నది సాబ్,” అన్నాడు. ఆ మాట కోసమే మాణిక్యప్ప మూడేళ్లు నీళ్లు మోసింది. ఆ సంతోషంలో, తీగ మీద మిగిలిన పండ్లు కోసి ఇంకో రెండు జాడీలు పెట్టాడు.

ఈ ఆరోగ్య విప్లవం వల్ల నష్టపోయినవాడు ఒక్కడే ఉన్నాడు. గల్లీ చివర కిరాణా దుకాణం నడిపే నర్సింగ్. ఆ దుకాణంలో ఉప్పు దొరకదు, పప్పు దొరకదు, అయినా తెల్లవారక ముందే జనం ఉంటారు. అక్కడ అమ్మేదేమిటో ఊరందరికీ తెలుసు కనుక రాయనక్కర్లేదు. అధికారులకు తెలియదు కనుక రాయడం బాగుండదు. జనం పలచబడగానే నర్సింగ్‌కు ప్రజల ఆరోగ్యం గురించి బెంగ పట్టుకుంది. తెల్ల కాగితం మీద ఒక ఫిర్యాదు రాశాడు.

మర్నాడు పది గంటలకు జీపొకటి, రెండు బండ్లు వచ్చాయి. వచ్చిన శాఖ పేరు చెప్పడం మర్యాద కాదు. ఏడుగురు సిబ్బంది మూడు జాడీలను ప్రాణాలకు తెగించి పట్టుకున్నారు. పంచనామా రాయడానికి నీడ, కుర్చీలు, చల్లటి నీళ్లు కావాలి. ఇవన్నీ నర్సింగ్ దుకాణం వెనక సిద్ధంగా ఉండటం వల్ల కార్యక్రమం అక్కడే జరిగింది. “పదార్థము: ద్రవము. రంగు: ఎరుపు. వాసన: గలదు. నిందితుని వైఖరి: అమాయకత్వము నటించుచున్నాడు.” సాక్షులుగా ఇద్దరు గౌరవనీయులు కావాలన్నారు. దుర్గేశ్, ప్రతాప్ సార్ వచ్చారు.

“ఇదేందో మీకు ఎరుకనా?” అని అడిగాడు అధికారి.

మాణిక్యప్ప వాళ్ల వైపు చూశాడు. అమ్మలేదు, ఊరికే ఇచ్చాడు అని ఒక్క మాటంటే చాలు. పింఛను ఆగిపోతుందేమో, పోలీసు స్టేషను మెట్లెక్కాలేమో అని అతని భయం.

“నాకెట్ల ఎరుకైతది సార్, నేను జన్మల ముట్టలే,” అన్నాడు దుర్గేశ్.

“నాకైతే వాసనే పడది,” అన్నాడు ప్రతాప్ సార్, ముక్కు మూసుకుని సంతకం పెడుతూ.

గుంపు వెనక నుంచి బసమ్మ గొంతు వినిపించింది. “దుర్గేశన్నా, సంతకం పెట్టుడైనంక మా గిలాస పంపియ్యి. మొన్న ఇంటికి పట్కపోతివి.”

“ఏం గిలాస?” అన్నాడు అధికారి.

“ఇంటి ముచ్చట సార్,” అన్నాడు దుర్గేశ్.

జాడీలను మోరీలో ఒంపించారు. ఎర్రటి నీళ్లు గల్లీ చివరిదాకా పారుతుంటే మాణిక్యప్ప చూస్తూ నిలబడ్డాడు. గోనెపట్టాలు, బిందెలు, మూడు ఎండాకాలాలు అలా పారిపోతున్నట్టనిపించింది. రోగులు కూడా చూశారు. కొందరి ముఖాల్లో నిజమైన దుఃఖం కనిపించింది.

పెద్ద వయసు చూసి అధికారులు దయ తలచారు. నలుగురి ముందు తాగుడు మానేస్తానని ప్రమాణం చేస్తే, హెచ్చరికతో వదిలేస్తామన్నారు.

“నేను తాగనే తాగలే సార్.”

“అందరు గట్లనే అంటరు.”

ఇంటికొచ్చి మాణిక్యప్ప అన్నం ముందు కూర్చుని తినలేదు. బసమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. “ఇడువు. ముట్టనిదాన్ని ఇడుసుడు అల్కనే గద,” అంది.

ప్రమాణ సభకు షామియానా నర్సింగ్ సౌజన్యం. దుర్గేశ్ అధ్యక్షోపన్యాసం చేశాడు. “సోదర సోదరీమణులారా, నిన్నటిదాకా మత్తులో మునిగి, ఇంటిని గుల్ల చేసుకుని, ఇల్లాలిని కంటతడి పెట్టించిన ఈ మాణిక్యప్ప నేడు మన సమితి కృషి వల్ల మనిషిగా మారాడు. ఇలాంటి మాణిక్యాలు ఇంటికొకరు కావాలి.” చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. ‘మారిన మనిషి’ అని ధ్రువపత్రం ఇచ్చారు. అతని ఫొటోతో ఫ్లెక్సీ చేయించి బస్టాండులో కట్టారు. తాగుడు మానినవాడిగా పట్టణ రికార్డుల్లోకి ఎక్కినవాడు ఇప్పటికి అతనొక్కడే.

బస్సులు టైముకు వస్తున్నాయో లేదో చూడటానికి రోజూ సాయంత్రం బస్టాండుకు వెళ్లే అలవాటు మాణిక్యప్పకు ఇంకా పోలేదు. ఒకరోజు అతను తన ఫ్లెక్సీకి వీపు పెట్టి కూర్చుని ఉండగా, సిర్గాపూర్ వైపు తండా దగ్గరి ఊరి నుంచి హన్మమ్మ అనే ఆమె వచ్చింది. పట్నంలో కూలి చేసి వచ్చిన చేతులు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో భర్త మల్లప్ప చొక్కా.

“బొమ్మల ఉన్నది నువ్వే గదనే అన్నా? ఇడిశిపెట్టినవంట. మావోనికి ఎట్లనో చెప్పు. నీ కాళ్లు మొక్కుత.”

నేను ఎన్నడూ తాగలేదమ్మా అనబోయాడు. ఆమె ముఖం చూశాక ఆ నిజం వల్ల ఎవరికీ లాభం లేదనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్లు చూసిన ముఖాలన్నీ గుర్తు తెచ్చుకున్నాడు.

“మొదట్ల కష్టమైతది తమ్మీ,” అన్నాడు మల్లప్పతో. “చేతులు వణుకుతయ్. నాలుగు రాత్రులు నిద్ర రాదు. దవాఖానకు పో, మందులిస్తరు. అటెన్క అన్నం రుచి తెలుస్తది.”

మల్లప్ప తల దించుకుని విన్నాడు. “ఇడుస్త అన్నా. గని మా ఇంటికి, చెల్కకు నడుమ మూడు దుకాణాలున్నయ్. పోంగ మూడు, రాంగ మూడు. రోజు ఆరు సార్లు ఇడువాలె.”

హన్మమ్మ సంచి కింద పెట్టింది. “ఈన్ని నేను పట్కొస్తి అన్నా. గా దుకాణాలోళ్లను ఎవలు పట్కరావాలె?”

ఆమె గట్టిగానే అడిగింది. బస్టాండులో దుర్గేశ్ ఉన్నాడు. ప్రతాప్ సార్ ఉన్నాడు. జాడీలు పట్టుకున్న శాఖ మనిషి ఒకాయన, సంగారెడ్డి పోవాల్సినవాడు, ఉన్నాడు. మీరూ నేనూ ఉన్నాం. అందరం ఒక్కసారిగా బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు తిరిగాం. బస్సుకు ఇంకా గంట ఉందని మాణిక్యప్ప చెప్పాడు. విన్నాం. అటే చూస్తున్నాం.