ఇంటింటికీ ఒక ఎముకల పెట్టె

నా మాట నమ్మండి. ఈ దేశం బాగుపడాలంటే ఇంటింటికీ ఒక ఎముకల పెట్టె ఉండాలి!

నవ్వకండి. ఇంటింటికీ రాట్నం ఉండాలన్నవాళ్లున్నారు, ఆవు ఉండాలన్నవాళ్లున్నారు. విన్నాం, తెచ్చుకున్నాం. మా ఇంట్లో రాట్నం అటకెక్కింది, ఆవు ఒట్టిపోయింది. ఎముకల పెట్టె అలా కాదు. దానికి కుడితి పెట్టక్కర్లేదు, దూది ఏకక్కర్లేదు. ఒక మూల కూర్చుని, ఇంట్లో అడుగుపెట్టింది మొదలు సంసారాన్ని చక్కబెడుతూనే ఉంటుంది.

మనిషి ఎముకల సంగతే చెబుతున్నాను. మరేమనుకున్నారు?

మా మనవరాలు ఇందిర విశాఖపట్నంలో డాక్టరు చదువు చదువుతోంది. రెండో ఏడు. ఆ ఏడాది మనిషి ఒంట్లో ఉన్న ఎముకలన్నిటినీ, వాటి మీది గుంటలూ గట్లూ చిల్లులతో సహా వల్లెవేయాలట. పుస్తకం చూసి వల్లెవేస్తే రాదట. చేత్తో పట్టుకుని, తిప్పి చూస్తూ వల్లెవేయాలట. అందుకని పై తరగతి వాళ్ల దగ్గర పిల్లలు ఒక సెట్టు కొనుక్కుంటారు. నిలువునా సగం మనిషి అన్నమాట. ఒక చెయ్యి, ఒక కాలు, ఒక పక్క డొక్కలు. పుర్రె మాత్రం మొత్తం ఇస్తారు. దీన్ని హాఫ్ సెట్టు అంటారు.

అందులోనూ ఇద్దరిద్దరు వాటాకు కొంటారు. ఇందిరతో వాటా కలిసింది దయామణి. దివిసీమలో నాగాయలంక పిల్ల, అక్కడ మిషన్ బడిలో పంతులు జ్ఞానయ్య గారి కూతురు. వేసవి సెలవులు నలభై రోజులు. మొదటి ఇరవై రోజులు పెట్టె బందరులో మా ఇంట్లో, మిగతా ఇరవై రోజులు నాగాయలంకలో. అదీ వాళ్ల ఒప్పందం.

ఇందిర జట్కా దిగి పెట్టె అరుగు మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. నా కోడలు సత్యవతమ్మ, కూతురు అటునుంచి పనసతొనలు తెచ్చిందనుకుని మూత తీసింది. పుర్రె పళ్లన్నీ చూపించి పలకరించింది. సత్యవతమ్మ వేసిన కేకకి బెదిరిన జట్కా గుర్రం కోనేరు దాకా ఆగలేదట!

సాయంత్రం మా అబ్బాయి వెంకటసుబ్రహ్మణ్యం కచేరీ నుంచి వచ్చాడు. వాడు జిల్లా కోర్టులో గుమాస్తా. పాతికేళ్లుగా ఇతరుల తీర్పులకు నకళ్లు రాస్తున్నవాడికి స్వయంగా తీర్పు చెప్పే అవకాశం అదే మొదటిసారి.

"శుక్రవారం లోగా ఆ పెట్టె ఇల్లు దాటాలి. నిన్ను డాక్టరు చదువుకి పంపానే గాని, శ్మశానాన్ని కూడా వెంటబెట్టుకు రమ్మన్లేదు!"

"అలాగే నాన్నా. నేనూ దాంతోపాటే దాటతాను. దయామణి వాళ్లింట్లో కూర్చుని చదువుకుంటాను. వాళ్లకి మైలా గియిలా పట్టింపు లేదు."

"సెలవులకి ఇంటికొచ్చి పరాయి ఇంట్లో ఉంటావుటే?"

"పరీక్ష తప్పితే ఎలాగూ మనింట్లోనే ఉంటాను. ఏది కావాలో మీరే తేల్చండి."

విన్నారు కదా! పెట్టె వెళితే పిల్ల వెళుతుంది. ఏడాదికోసారి వచ్చే పిల్ల. ముసలిదాన్ని, నాకు డెబ్భై రెండేళ్లు. ఇలాంటి నలభై రోజులు ఇంకెన్నిసార్లు వస్తాయి నాకు?

ఆ క్షణం నుంచి నేను ఎముకల పక్షం చేరాను.

పక్షం అన్నాక వాదన ఉండాలి కదా! నేను వెతుక్కోకుండానే మర్నాటికల్లా ఆధారాలు నడిచి వచ్చాయి. బందరులో కోర్టు గుమాస్తా ఇల్లంటే ఏమిటో మీకు తెలుసా? జిల్లాలో దావా ఉన్న ప్రతి చుట్టానికీ అది సత్రం. గుడివాడ వాళ్లు, నందివాడ వాళ్లు, ఏ వరసా తెలియనివాళ్లు, వాయిదాకు ముందురోజు వస్తారు, వాయిదా పడ్డాక వారం ఉంటారు. అందరిలోకీ మొనగాడు నందివాడ వెంకట్రామయ్య గారు. చేనిగట్టు దావా ఒకటి వేసి పదకొండేళ్లుగా మా వసారాలో కాపరం ఉంటున్నాడు. మూడోసారి మజ్జిగ పోయించుకుంటే గాని విస్తరి ముందు నుంచి లేవడు.

ఆయన సంచి చంకలో పెట్టుకుని రానే వచ్చాడు. ఇందిర అదే వసారాలో చాప వేసుకుని చదువుకుంటోంది.

"ఏమిటే అమ్మాయ్ ఆ చేతిలోది?"

"దవడ, తాతయ్యా. మంచి సమయానికి వచ్చారు. ఒక్కసారి నోరు తెరిస్తే మీదీ ఇదీ పోల్చి చూసుకుంటాను."

వెంకట్రామయ్య గారు నోరు గట్టిగా మూసుకున్నాడు. సంచి దించకుండానే వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రమే పక్క చేనివాడితో రాజీ పడ్డాడట! పదకొండేళ్ల దావా! చెన్నపట్నం హైకోర్టుకైనా చేతనవుతుందా ఈ పని?

ఆయన నోట ఆ కబురు పాకింది. ఆ వారం మా ఇంట్లో పరాయి విస్తరి పడలేదు. మూడోరోజు సత్యవతమ్మ మధ్యాహ్నం పూట కునుకు తీసింది. పెళ్లయి కాపరానికి వచ్చాక అదే మొదటి కునుకు. నాలుగోరోజు తనే పెట్టె మీద దుమ్ము దులిపింది. దులిపి తలారా స్నానం చేసిందనుకోండి, అది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున నేను మా అబ్బాయిని అడిగాను. "ఒరే, ఆ వసారా ఒక్కసారి చూడరా. ఎవరైనా కనిపిస్తున్నారుట్రా?"

వాడు చూశాడు. వసారా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ. చాలాసేపు చూశాడు పాపం. తర్వాత చొక్కా తొడుక్కుని కచేరీకి వెళ్లిపోయాడు. కేసు కొట్టేశారు!

ఇంకా వినండి. పెళ్లివారు వచ్చారు ఒకరు. పెళ్లికొడుకు తల్లి, "ఒక పాట పాడమ్మా" అంది. ఇందిర పుర్రెలోని ఎముకల పేర్లన్నీ మోహనలో ఎత్తుకుంది. ఆవిడ తల ఊపుతూ, "అరవ కీర్తనా?" అని అడిగింది. అర్థం చెప్పాం. కాఫీ చల్లారకముందే వెళ్లిపోయారు. జాతకాలు చూసే ఏ పంతులు తప్పించగలడండీ ఇంత సులువుగా, పనికిరాని సంబంధాన్ని?

ఎదురింటి శోభనాద్రి గారు మరీ ఆచారవంతులు. మా అరుగు ఎక్కడం మానేసి, నడివీధిలో నిలబడి వాకబు చేశారు.

"ఏ కులం వాడివమ్మా ఆ ఎముకలు?"

"రాసి లేదండీ బాబాయిగారూ. మీదొకటి తీసిస్తే పక్కన పెట్టి చూసి చెబుతాను."

పది రోజులు ఆయన మా వైపు చూడలేదు. పదకొండోరోజు మోకాలు పట్టేసింది. దొడ్డిదారిన వచ్చి, బావి పక్కన రాతిమీద కూర్చుని కాలు చాపారు. ఇందిర పెట్టెలోంచి మోకాలిచిప్ప తెచ్చి, లోపల ఏం జరుగుతుందో చూపించింది. ఆయన మెడ చాచి మరీ చూశారు.

"నాదీ ఇలాగే ఉంటుందంటావా?"

"అచ్చం ఇలాగే ఉంటుందండీ."

"నాది కాస్త పెద్దదై ఉంటుందిలే," అన్నారు. మైల మాట ఎత్తితే ఒట్టు! ఎముక పెట్టెలో ఉంటే మైల, ఒంట్లో నొప్పి పెడితే వైద్యం. ఈ ధర్మసూక్ష్మం పెట్టె రాకపోతే మా వీధికి తెలిసేదా?

ఇక నా సంగతి. పాఠం అప్పజెప్పించుకునే ఉద్యోగం నాదే. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని కదా అని, ఇందిర పేర్లన్నీ తెలుగులో రాసిచ్చింది. నేను ఎముక ఎత్తి చూపించాలి, అది చెప్పాలి. తప్పితే మొట్టికాయ. క్లావికిల్, స్కాపులా, హ్యూమరస్! ఒకరోజు దీపం పెట్టి సహస్రనామాలు చదువుతుంటే మధ్యలో ఈ మూడూ దొర్లాయి. దేవుడు అభ్యంతరం చెప్పలేదు. చేసినవాడికి పేర్లు తెలియవా?

ఒక్కటి మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. "ఇవి ఎవరివే?"

"హాస్పిటల్లో పోయినవాళ్లవి బామ్మా. తీసుకెళ్లడానికి ఎవరూ రాకపోతే కాలేజీకి ఇస్తారు."

మా తమ్ముడు భీమశంకరం కాకినాడలో రంగూను స్టీమరు ఎక్కి ముప్పై ఏళ్లు దాటింది. దిగినట్టు ఒక కార్డు వచ్చింది. అంతే. ఎక్కడున్నాడో, ఏ హాస్పిటల్లో పడ్డాడో, ఎవరైనా వెళ్లారో లేదో. నా చేతిలో ఉన్న తొడ ఎముక పొడుగు చూశాను. మావాడు పొట్టి. మావాడిది కాదు. అయినా దాన్ని పెట్టెలో రెండు చేతులతో పెట్టాను.

సరే, అది వదిలేయండి. ఎముకల పెట్టె లాభాలు కదా చెబుతున్నాను!

ఇరవయ్యో రోజు రానే వచ్చింది. దయామణి పొద్దున్నే కృష్ణపాయ పడవలో దాటి, బస్సులో బందరు వచ్చి, మా గుమ్మంలో నిలబడింది. పెట్టె తీసుకుపోవడానికి. చక్కటి పిల్ల. నవ్వితే వీధంతా వినిపిస్తుంది.

"పెట్టె లేకుండా ఇక్కడ కూర్చుని నేనేం చదవను బామ్మా? పరీక్ష నెత్తి మీద ఉంది. నేనూ దీంతో వెళతాను. అటునుంచి అటే కాలేజీకి," అంది ఇందిర.

చూశారా ఘోరం! ఏ పెట్టె కోసం కన్నకొడుకుతో వాదించి గెలిచానో, ఆ పెట్టే నా పిల్లని తీసుకుపోతోంది!

అప్పగించేముందు వాటాదార్లిద్దరూ చాప మీద ఎముకలన్నీ పరిచి సరిచూసుకోవడం ఆనవాయితీ. పరిచారు. అన్నీ ఉన్నాయి. మణికట్టు దగ్గర మాత్రం ఎనిమిది ఉండాల్సిన చోట ఏడే ఉన్నాయి. శనగగింజంత ఎముక ఒకటి లేదు.

"ఎలకెత్తుకుపోయిందేమోనే," అంది ఇందిర.

"మీ బందరు ఎలకలు అనాటమీ చదువుతాయేమిటే?" అంది దయామణి.

"చదివితే ఈసారి అవే పాసవుతాయి."

వాటా సొత్తు, లోటుతో అప్పగించడానికి ఇందిరకి మనసొప్పదు. వెతకడం మొదలైంది. శనగల డబ్బా బోర్లించారు. బియ్యం జల్లించారు. సత్యవతమ్మ పొయ్యిలో బూడిద చేటలో పోసి చెరిగింది. శుక్రవారం లోగా ఇల్లు దాటించమన్న మా అబ్బాయి, కచేరీ నుంచి వస్తూనే పంచె ఎగగట్టి మంచం కిందకి దూరాడు.

"నా ఇంట్లో ఎముక పోవడమేమిటి? నలుగురూ ఏమనుకుంటారు!" అంటాడు మంచం కింద నుంచి.

మూడు రోజులు వెతికారు. ఆ మూడు రోజులూ దయామణి మా ఇంట్లోనే. మొదటిరోజు సత్యవతమ్మ ఆ పిల్లకి వసారా చివర విస్తరి వేసింది. రెండోరోజు నడవలోకి వచ్చింది ఆ విస్తరి. మూడోరోజు వంటింటి గడప దగ్గర, ఇందిర విస్తరి పక్కనే పడింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ నేల చూస్తూ ఎముక కోసం వెతుకుతున్నారు కదా! ఇంకో వారం దొరక్కపోతే ఈ దేశం చాలావరకు బాగుపడేది.

ఎముక ఏమైందంటారా? మీకు చెబితే ఏం? మా అబ్బాయి చెవిన మాత్రం వేయకండి.

నా మడిబట్ట కొంగున ముడేసుకున్నాను.

ఇల్లంతా తవ్వినా, దండెం మీద కర్రతో ఎత్తి ఆరేసే మడిబట్టను ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది? దేవుడి గదిలోనైనా వెతుకుతారు గాని, నా కొంగులో వెతకరు. ఆ మూడు రోజులూ ఆ బట్టతోనే మహానైవేద్యం వండాను. దేవుడు తిన్నాడు. మా అబ్బాయి తిన్నాడు, పప్పు బాగుందన్నాడు.

నాలుగోరోజు పిల్లలిద్దరూ వెతకడం ఆపేశారు. మా వీధి మలుపులో ఆగిన బస్సు మీదికి పెట్టె ఎక్కింది. పిల్లలు బస్సులోకి ఎక్కారు. అరుగు మీద నేను మడిలో ఉన్నానని ఇందిర దూరం నుంచే దండం పెట్టింది. పరీక్షలో ఆ ఎముకే అడిగితే పిల్ల గతి ఏమిటని అప్పుడు తట్టింది నాకు. ముడి మీద చెయ్యి పడింది కూడా. ఈలోగా బస్సు కదిలిపోయింది.

వారానికి కార్డు వచ్చింది.

"బామ్మా, క్షేమం. ఆ ఎనిమిదో ఎముక నాకు బాగా వచ్చు, పరీక్షలో అడిగినా భయం లేదు. దయామణికి చెప్పాను, నవ్వింది. తొందరపడి వెతక్కు. దసరా సెలవులకి నేను వచ్చి వెతుకుతాను. అందాకా కొంగు ముడి గట్టిగా వేసుకో."

అయ్యలారా, అమ్మలారా! ఎముకల పెట్టె వచ్చేవాళ్లను ఆపుతుందని ఇంతసేపూ చెప్పాను. అబద్ధం కాదు. కాని వచ్చేవాళ్లను ఆపాలని నాకేమి తాపత్రయం చెప్పండి? వస్తే నాలుగు మెతుకులు తింటారు. వెళ్లేవాళ్లను ఆపగలిగిన వస్తువు ఈ డెబ్భై రెండేళ్లలో నాకు దొరికింది అదొక్కటే. అదీ మూడంటే మూడు రోజులు!

కాబట్టి కాలేజీ పెద్దలకు నా మనవి. పిల్లల్ని ఏళ్ల తరబడి మీ దగ్గరే ఉంచుకుంటారు. చదువయ్యాక ఏ దూరదేశపు ఆస్పత్రికో వేస్తారు. మనిషి ఒంట్లో ఎముకలు రెండువందల ఆరని నేర్పింది మీరే. కావాలంటే నేను అప్పజెబుతాను. మరి వేసవిలో ఇంటికి పంపే రోజులు నలభయ్యేనా? ఎముకకి ఒక్క రోజు చొప్పునైనా ఇవ్వకూడదా?

పిల్లల దగ్గర ఉన్నది సగం సెట్టే కదా అంటారా?

సరే. సగానికే రాజీ పడతాను.